తొట్టి అద్దం మీద దిష్టి చుక్క

మా మేడ మీది గదిలో మాట్లాడే మనిషిని నేనొక్కణ్నే. ఆ మాట్లాడేది కూడా చేపలతో.

బోధన్‌లో బోరు మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం నాది. పగలంతా రాగి తీగతో, రైతుల తొందరతో గడిచిపోతుంది. సాయంత్రం మెట్లెక్కి తాళం తీసేసరికి మొదలవుతుంది అసలు సంగతి. కింద ఇంటివాళ్లది నిండు సంసారం. కుక్కర్ కూతలు, పిల్లల కొట్లాటలు, టీవీ గోల, అన్నీ పైకి వినిపిస్తాయి. నా గదిలోంచి కిందికి వినిపించడానికి చేపల తొట్టి గాలి పంపు గుర్రుమనే చప్పుడు తప్ప ఏముంది గనక! పెళ్లి కుదరలేదు. ఎందుకు కుదరలేదో యాభై దాటాక చెప్పుకున్నా ఒరిగేదేం లేదు.

డిస్కస్ చేపలు పళ్లెంలా గుండ్రంగా, పలచగా ఉంటాయి. నిజామాబాద్‌లో అక్వేరియం దుకాణం నుంచి ఒక జంటను తెచ్చుకున్నాను. వాటికో వింత గుణం ఉంది. పిల్లలు పుట్టాక తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ఒంటి మీద జిగురు ఊరుతుంది. పిల్లలు ఈత మొదలుపెట్టగానే పోయి ఆ ఒంటిని పట్టుకోవాలి, ఆ జిగురు తినే బతకాలి. పట్టుకోలేదా, ఆకలితో చచ్చిపోతాయి.

అంతకుముందు పెట్టిన గుడ్లన్నీ ఆ మహాతల్లీ మహాతండ్రీ కలిసి మింగేశారు. ప్రతిసారీ తొట్టి ముందు కూర్చొని తిట్టాను. "మీ కడుపులు కాల! మీకంటే నేను నయం కదా, ఎవర్నీ కనలేదు, ఎవర్నీ తినలేదు" అన్నాను. ఆడచేప ముసలిదవుతోంది. ఈసారి కూడా పోతే జంటను తెచ్చిన దుకాణంలోనే ఇచ్చేసి తొట్టి ఎత్తేద్దామని ఒట్టు పెట్టుకున్నాను. ఒట్టయితే పెట్టుకున్నాను గానీ, తొట్టి పోయాక ఆ గదికి వచ్చి చేసేదేమిటో నాకే తెలియలేదు. నా వైండింగ్ దుకాణంలో బల్ల మీద పడుకున్నా అడిగే దిక్కు లేదు.

ఈసారి గుడ్లు మిగిలాయి, పిల్లలూ అయ్యాయి. గుడ్లు పెట్టడానికని నేను నిలబెట్టిన తెల్ల పైపు ముక్కకే అంటుకొని తోకలు ఆడిస్తున్నాయి. ఆనందం పట్టలేక నిజామాబాద్ దుకాణాయనకు ఫోన్ చేశాను.

"భాయ్, ముందుగాల నీళ్లు సగం తీసెయ్యి, పిల్లలకు తల్లి దగ్గరైతది. లోపట నల్లగ ఏదుంటే గది తీసి అవతల పెట్టు. పిల్లలకు ఇంక నజర్ సక్కగ ఆనదు. నల్లగ ఏది కనవడితే గదే మా తల్లి అనుకొని పోయి అతుక్కుంటయి. దానికే అతుక్కొని సస్తయి" అన్నాడాయన.

సగం నీళ్లు తోడేసి, నల్ల హీటర్ తీసేశాను. స్పాంజి తీసేశాను. వెనక అద్దానికి తెల్ల కాగితం అంటించాను. ఇక ఆ తొట్టిలో నల్లనివంటే తల్లీ తండ్రీ రెండే. పిల్లలకు ఆనవాలు తెలియాలని అవి ఒంటి రంగు నల్లబరుచుకున్నాయి. ఎవరు నేర్పారో!

ఇంటి యజమానురాలైన అవ్వ మిరపకాయలు ఆరబోయడానికి మిద్దె మీదికి వచ్చి, కిటికీలోంచి చూసింది.

"ఏందిర, షాప నీళ్లాడిందా?" అంది.

"ఆడింది అవ్వా."

"ఇంట్ల బాలెంత ఉన్నదన్న మాట. మరి కారం పొడి తెచ్చియ్యాల్నా, ఎల్లిపాయ తెచ్చియ్యాల్నా?" అని పళ్లు లేని నోటితో పకపకా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. కానీ ఆ రోజు నా ఎదురుగా నిలబడి, దుకాణం పని కాకుండా వేరే మాట మాట్లాడింది ఆమె ఒక్కతే. అందుకే కిటికీ తెరిచే ఉంచాను.

పిల్లలు పైపును వదిలి లేవడం మొదలుపెట్టిన పొద్దున్నే, నా ఖర్మ, ఫోన్ మోగింది. "అన్నా, మడి నెర్రెలు వారుతున్నదే. మోటరియ్యకుంటే మునిగిపోత" అంటాడు రైతు. ఏం చేస్తాను? తాళం చెవి అవ్వ చేతిలో పెట్టాను.

"కరెంటు పోతే బ్యాటరీ పంపు బటన్ నొక్కు. ఇంకేం ముట్టకు అవ్వా, నీకు దండం పెడత."

"నాకు చెప్తవార? ఎంతమందికి పురుళ్లు పోసిన్నో నీకేమెర్క! పో."

మధ్యాహ్నం దాటాక వచ్చాను. పైపు మీద ఒక్క పిల్ల లేదు. తల్లి ఒంటి మీద చూశాను, లేదు. తండ్రి ఒంటి మీదా లేదు. రెండూ ఓ మూల ఊరికే నిలబడి ఉన్నాయి. మింగేశాయనుకున్నాను. అలాగే నేల మీద చతికిలబడి, ఈ జంటను ఏ సంచిలో పెట్టి తీసుకుపోవాలా అని ఆలోచిస్తున్నాను.

అప్పుడు కనిపించింది. ముందటి అద్దానికి, బయటివైపు, రూపాయి బిళ్లంత నల్ల చుక్క. లోపలివైపు ఆ చుక్క దగ్గర దుమ్ము మూగినట్టు ఏదో కదులుతోంది. దగ్గరికి పోయి చూస్తే, పిల్లలు! ఉన్నవన్నీ అక్కడే ఉన్నాయి. అద్దాన్ని మూతులతో పొడుస్తూ, జారిపోతూ, మళ్లీ వచ్చి పొడుస్తూ ఉన్నాయి. ఎంత పొడిస్తే మాత్రం ఆ అద్దంలోంచి ఏం వస్తుంది వాటికి?

"అవ్వా!" అని మేడ అదిరేలా అరిచాను.

ఆమె మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చింది. "ఏమైందిర, కరెంటు గిన పోయిందా?"

"గిదెవలు పెట్టిండ్రు?"

"నేనే పెట్టిన. పసిగుడ్లున్న ఇల్లాయె. పొద్దుగాల నేను సూస్తిని, నా మన్మండ్లు సూస్తిరి, సూడముచ్చట గున్నయనిరి. దిష్టి తగలదా మరి? నీళ్లల్ల ఉన్నోటికి కాటుకెట్ల పెట్టాలె? అద్దానికి పెట్టిన" అంది, చాలా తెలివైన పని చేసినట్టు.

నోటికొచ్చింది అనబోయాను. అంటే ఆమె మళ్లీ మెట్లెక్కదని కూడా ఆ క్షణంలోనే తోచింది. ఆ చుక్కనే వాటి తల్లి అనుకుంటున్నాయని, సాయంత్రం దాకా ఇలాగే ఉంటే ఒక్కటీ బతకదని చెప్పాను. ఆమె ముఖం చిన్నబోయింది.

"అయ్యో, నా చేతులిరిగిపోను! తల్లి పెయ్యి మీద బుక్కెడు దొరకాలెనని తిరిగే పానాలకు గోడ సూపిస్తినా" అంది.

నేను బట్టతో తుడిచాను. ఆముదపు కాటుక కదా, పోకపోగా అరచేతి మేర పూసుకుంది. పిల్లలు ఆ మరక వెంట ఇంకా వెడల్పుగా పరుచుకున్నాయి. అవ్వ గబగబా కిందికి పోయి పిడికెడు శనగపిండి తెచ్చింది. "జరుగు. పోరగాండ్లకు నలుగు పెట్టి పెట్టి అరిగిన చేతులివి" అని అద్దాన్ని పిండితో రుద్ది రుద్ది, కొంగుతో తుడిచింది. అద్దం తేటపడింది.

నేను ఇంకో రెండు చెంబుల నీళ్లు తోడేసి, గాలి తగ్గించాను. పిల్లలు దిక్కు తెలియక నీళ్లలో తేలుతున్నాయి. కొన్ని అప్పటికే అడుగుకు పోయాయి. అవ్వ నా పక్కనే కూర్చుంది. ఆ గదిలో నా పక్కన ఇంకో మనిషి ఊపిరి వినిపించి ఎన్నేళ్లయిందో.

ముసలి ఆడచేప మూల వదిలి మెల్లగా కదిలింది. పిల్లల గుంపు పక్కనుంచి పోయి, ఆగింది. ఒకటి అంటుకుంది. ఊడింది. మళ్లీ అంటుకుంది. దాని వెనక ఇంకొన్ని. చూస్తుండగానే దాని పక్కటెముకల మీద మినుకు మినుకుమంటూ ఒక వరస నిలబడింది. కొంతసేపటికి అది ఒళ్లు జాడించింది. అవన్నీ ఎగిరి తండ్రి మీద వాలాయి.

"గదేందిర, మొగోడు గూడ పాలిస్తడా?" అంది అవ్వ.

"ఇస్తడవ్వా. షాపలల్ల మొగోడు గూడ ఇస్తడు."

"మంచిగున్నది" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకూ కళ్లు చెమ్మగిల్లాయి. దాచుకోలేదు.

లేవబోతూ మళ్లీ కూలబడింది. "మరి దిష్టి సంగతేంది? వాటికి వద్దంటివి. గింత చక్కగ సూస్తిమి, ఎవలకో ఒకలకు పెట్టాలె గదా" అంటూ బొడ్లోంచి కాటుక డబ్బా తీసింది. గదంతా కలయజూసింది. మంచం, తొట్టి, నేను. ఇంకెవరున్నారు?

"కాలు చాపు" అంది.

"నాకేంది అవ్వా, ముసలోణ్ని."

"చాపుర. చెంపకు పెడితే నవ్వుతరు. అరికాలుకు పెడ్త."

చాపాను. ముడతలు పడ్డ వేలితో అరికాలి నడుమ గట్టిగా అద్దింది. మా అమ్మ పోయాక నాకు దిష్టి తగులుతుందని ఎవరూ అనుకోలేదు. ఆమె మెట్లు దిగిపోయాక చాలాసేపు ఏడ్చాను.

ఆ సాయంత్రం తొట్టి దగ్గరికి ఎన్నిసార్లు పోయి చూసుకున్నానో. పొద్దున లేచేసరికి పిల్లలన్నీ తల్లి మీదే ఉన్నాయి. తెల్ల టైల్స్ మీద మంచం దగ్గర్నుంచి తొట్టి దాకా, మళ్లీ తొట్టి దగ్గర్నుంచి మంచం దాకా నల్లటి మరకలు పడి ఉన్నాయి. ఆ గదిలో నడిచేది నేనొక్కణ్నే. వాటిని తుడవలేదు.