ఒక్క చోటులో ఇద్దరు లోవరాజులు

మరిడమ్మ నోటికి జడిసి ధవళేశ్వరం లాకుల దగ్గర చేపల బేరం గట్టిగా ఆడే ఇల్లాలు ఉండేది కాదు. మొప్పలు ఎత్తి ఎత్తి చూసే ఆవిణ్ణి, "పెళ్ళిచూపులా అండి ఇయ్యి, అంతసేపు సూత్తున్నారు?" అని మొహం మీదే అడిగేసేది.

పుట్టి పెరిగింది సముద్రపొడ్డున. మొగుడు గంగయ్యకు లాకు తలుపులు తిప్పే పని దొరికితే, ఇద్దరు మగపిల్లల్నీ వేసుకుని పడవ మీద కాలవ వెంట వచ్చింది. అప్పటికి ఆనకట్ట కట్టి నలభై ఏళ్ళు. గంగయ్యకు రెక్కల్లో బలం ఉందిగాని, నీటిమట్టం రాయి మీద అంకెలు పోల్చుకోలేడు. పడవవాళ్ళందరి ముందూ మేస్త్రీ చేత రోజూ తిట్లే. అవి విని విని, పిల్లలిద్దరికీ చదువు రావలసిందేనని మరిడమ్మ పట్టుపట్టింది.

వీధిబడి అయ్యవారు నీచువాసన అని అరుగు ఎక్కనివ్వలేదు. "వాసన నా గంపదండి, పిల్లలదేంటండి?" అంది మరిడమ్మ. ఆయన తలుపు వేసుకున్నాడు.

మిగిలింది కాలవగట్టు మీద తాటాకుపాకలో యెహెజ్కేలు పంతులుగారి బడి. ఆయన మంచివాడే. చూపు మాత్రం సరిగా ఆనదు.

"ఒక్క చోటే ఉందమ్మా. నలభై మంది దాటితే పరీక్షకొచ్చే దొర ఊరుకోడు. ఒక్కణ్ణి పంపు. పేరేంటి?"

"లోవరాజండి," అంది మరిడమ్మ. ఇంటికి నడుస్తుంటే గాని తట్టలేదు, ఇంట్లో ఉన్నది ఇద్దరు లోవరాజులని.

తుని దగ్గరి లోవ తల్లికి మొక్కుకుంటే పెద్దాడు దక్కాడు. మరుసటేడు పుట్టినవాడు ఊపిరాడక నీలమైతే మళ్ళీ ఆ తల్లికే మొక్కింది. ఇద్దరికీ ఆవిడ పేరే. పల్లెలో అదేమీ వింత కాదు, పిలుపుకు పెద్దోడూ చిన్నోడూ ఉండనే ఉన్నాయి. ఎత్తూ పోలికా ఇద్దరిదీ ఒకటే.

"ఒకరోజు ఒకడు, ఒకరోజు ఒకడు. పంతులుగారికి సెప్పారంటే ఈపు సిట్లిపోద్ది," అంది పిల్లలతో.

"ఇదేం పనే?" అన్నాడు గంగయ్య.

"నువ్వూరుకోవయ్యా. రాతి మీద అంకెలు సదివేవోడివి, నువ్వే నాకు సెప్పాలి!"

నాలుగు నెలలు అలాగే సాగింది. వంతు లేనివాడు తల్లి వెంట గంప మోసేవాడు. పెద్దాడు సాయంత్రం తమ్ముణ్ణి అడిగి, ఆ రోజు పాఠం ఒక్కసారికే పట్టేసేవాడు. తను నేర్చుకున్నది తమ్ముడికి చెప్పబోతే, ఆ పిల్లాడు వింటూనే నిద్రపోయేవాడు.

ఒక సాయంత్రం చిన్నాడు ఎడంచేత్తో అన్నం తింటుంటే మరిడమ్మ కసిరింది.

"అదేం పాడలవాటురా? కుడిసెయ్యి ఏమైంది?"

వాడు చెయ్యి చాపాడు. అరచెయ్యి వాచి వేళ్ళు ముడుచుకోవడం లేదు.

"నిన్న సెప్పింది ఇయ్యాల మర్సిపోయానని పంతులుగారు కొట్టారు."

"నిన్న నువ్వెళ్ళలేదు కదరా!"

"సెప్పొద్దన్నావు కదమ్మా."

"ఎన్నాళ్ళ నించి?"

"నా వంతు వచ్చినప్పుడల్లా."

ఊళ్ళో అందరి గుట్టూ రట్టుచేసే మరిడమ్మకు, కన్నకొడుకు చెయ్యి చూసే తీరిక ఇన్నాళ్ళూ లేకపోయింది. ఆ పిల్లాడి నోరు కుట్టేసింది తనే. కంచం వదిలేసి, చిన్నాణ్ణి తీసుకుని అప్పటికప్పుడు పంతులుగారింటికి వెళ్ళింది. జరిగిందంతా చెప్పేసింది.

ఆయన ఆ చేతిని దీపం దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"సెప్తే ఇద్దర్నీ తీసుకునేవారా అండి?"

"లేదు," అన్నాడాయన నిజాయితీగా. "ఇప్పుడూ ఒక్కణ్ణే ఉంచుకోగలను. ఎవణ్ణి ఉంచమంటావు? ఇద్దరిలో ఒకడు చెప్పింది చెప్పినట్టు పట్టేస్తున్నాడు. ఆలోచించుకో," అన్నాడు.

ఆ ఒకడు ఎవడో మరిడమ్మకు తెలుసు. తెలిసీ చిన్నాడి చేతికేసి చూసింది.

"ఈణ్ణే ఉంచండి."

ఇంటికొచ్చేసరికి పెద్దాడు గుమ్మంలో కూర్చుని పలకకు బొగ్గు రుద్దుతున్నాడు.

"అమ్మా, రేపు నా వంతు."

"లేదురా. ఇంక రోజూ తమ్ముడే ఎల్తాడు."

"నేనేం తప్పు సేసేనే?"

"నువ్వు పెద్దోడివిరా," అంది, అంతే. అది జవాబు కాదని వాడికీ తెలుసు, తనకూ తెలుసు. మర్నాడు చిన్నాడి చెయ్యి పలక పట్టలేకపోతే, బడిదాకా దాన్ని మోసుకెళ్ళి ఇచ్చి వచ్చింది పెద్దాడే. వచ్చి, గంప నెత్తికెత్తుకున్నాడు.

చిన్నాడు మెల్లగానే అయినా చదువుకుని, పెద్దయ్యాక లాకు దగ్గర లెక్క రాసే పనిలో కుదిరాడు. "నీ కడుపు చల్లగా, చదువుకున్న కొడుకునే కన్నావు మరిడమ్మా," అని ఎవరైనా అంటే ఆమెకు ఒళ్ళు మండేది.

"పెద్దోడి సంగతి అడగరేంటండి?" అని విసురుగా అనేది.

అడిగితే మాత్రం, చేపల పొలుసు గీయడంలో పడేది.