‘అయింది’ అనని పైడిరాజు

నాలుగేళ్లుగా పైడిరాజు దేన్నీ ‘అయింది’ అని ఒప్పుకోలేదు. అన్నం ఉడికిందంటే ఇంకా లేదంటాడు. పనసపండు వాసన వీధి చివరిదాకా కొడుతున్నా ఇంకా కాయే అంటాడు. మంగలి క్షవరం ముగించి అద్దం చూపిస్తే, తల అటూ ఇటూ తిప్పి చూసుకుని ఇంకా కాలేదంటాడు. ఆ తల మీద తియ్యడానికి ఇంకేమీ లేదని మంగలి దండం పెట్టేవాడు. మాకవరపాలెం అవతలి ఆ ఊళ్లో ఏ సంగతి అడిగినా ఆయన దగ్గర దొరికే జవాబు ఒక్కటే: “ఇంకో వారం సూద్దాం.”

పోయినేడు వీధి చివర ఒక ముసలాయన కాలం చేశాడు. ఆరెంపీ డాక్టరు చూసి పెదవి విరిచి వెళ్లిపోయాక కూడా పైడిరాజు శవం మణికట్టు పట్టుకుని పది నిమిషాలు కూర్చున్నాడు. ఇంకో గంట చూద్దామన్నాడు. వారం అనకుండా గంటతో సరిపెట్టినందుకు ఆ ఇంటివాళ్లు ఏడుపు మధ్యలోనే ఊపిరి పీల్చుకున్నారు.

ఒకప్పుడు ఈ మనిషి ఇలా ఉండేవాడు కాదు. చుట్టుపక్కల ఎక్కడ గానుగ ఆడినా బెల్లం పాకం చూడ్డానికి ఆయనే రావాలి. మరిగే పాకం చుక్కని నీళ్లలో వేసి, రెండు వేళ్లతో ఉండ చేసి, “దించీయండి” అనేవాడు. రెప్పపాటు పని. ఆ మాట ముందు పడినా వెనక పడినా బెల్లం పాడవుతుంది. ముప్ఫై ఏళ్లలో ఒక్క పెనం కూడా ఆయన చేతిమీదుగా పాడవలేదు. గానుగలు మూలపడ్డాక బుర్ర కూడా గడ్డకట్టేసిందని ఊరివాళ్లు తేల్చేశారు. ఆయన చెల్లెలు కొండలమ్మ మాత్రం ఏమీ అనేది కాదు. అన్న దించనివ్వడు గనక ఆ ఇంట్లో అన్నం రోజూ జావలాగే ఉండేది. ఆవిడ అదే వడ్డించుకుని తినేది.

ఇలాంటి మనిషిని పంట అదును చూడమని పిలవడం బుద్ధున్నవాడు చేసే పని కాదు. కన్నబాబు పిలిచాడు. అతని దగ్గర అప్పటికి బుద్ధి కాదు గదా, ఏమీ మిగల్లేదు.

చెరుకు ఫ్యాక్టరీ మూతపడ్డాక అతని తోట రెండేళ్లు కొనే దిక్కు లేక నిలబడే ఉండిపోయింది. వెన్ను తీసి, పూత పూసి, చివరికి కట్టెలైంది. తోటకి అతనే నిప్పు పెట్టాడు. ఆ సాయంత్రం ఊరంతా బెల్లం వాసన కొట్టింది. ఆ తర్వాత బోరు ఎండిపోయింది. సెక్యూరిటీ గార్డు పనికి వెళ్తే మనిషి ఎత్తు రెండు వేళ్లు తక్కువన్నారు. భార్య జ్యోతిలక్ష్మి తెల్లారకుండానే మందుల కంపెనీ బస్సు ఎక్కేది. మీ నాన్న ఏం చేస్తారో రాయమని బళ్లో అడిగితే, నాలుగో తరగతి చదివే కూతురు ఇందు ‘మా నాన్న ఇంట్లో ఉంటారు’ అని రాసింది. టీచరు దానికి పదికి పది వేసింది. అది చూసి కన్నబాబుకి భూమిలోకి పోవాలనిపించింది.

అలాంటి రోజుల్లో నర్సీపట్నం వైపు నుంచి నానాజీ అనేవాడు మోటారు సైకిలు మీద వచ్చి, కాగితం పొట్లంలో గింజలు చేతిలో పెట్టిపోయాడు. పెరట్లో ఐదు మొక్కలు పెంచితే చాలు, బోరు లోతు చేయించే బాధ్యత తనదన్నాడు. అవి గంజాయి గింజలని కన్నబాబుకి తెలుసు. దొరికితే ఎన్నేళ్లు లోపల పడేస్తారో కూడా తెలుసు. తెలిసే నాటాడు. మునిగిపోయేవాడు పట్టుకున్న గడ్డిపోచ ఎవరి పొలంలోదని అడగడు.

పేడకుప్ప వెనక, చెరుకు ఆకు దడి చాటున మొక్కలు మనిషెత్తు పెరిగాయి. జ్యోతిలక్ష్మి ఒక ఆదివారం దడి పక్కకి తోసి చూసింది. ఆ రోజు నుంచి మొగుడితో మాట్లాడటం మానేసింది. ఏం చెప్పాలన్నా ఇందు చేత చెప్పించేది. “మీ నాన్నని అన్నానికి రమ్మను” అని రెండడుగుల దూరంలో ఉన్న మనిషికి కబురు పంపేది.

ముందు కోస్తే గడ్డి, ఆలస్యమైతే చెత్త, అదును చూసి కోయాలని నానాజీ ఫోన్లో చెప్పాడు. ఆ అదును ఎలా తెలుస్తుందని అడిగితే, తాను మోసేవాణ్ణే గాని పండించేవాణ్ణి కాదన్నాడు. చెరుకు సంగతి, వరి సంగతి కన్నబాబుకి తెలుసు. దీని సంగతి తెలీదు. ఊళ్లో ఎవర్ని అడిగినా మర్నాటికి పోలీసు స్టేషన్లో తెలుస్తుంది. పెదవి దాటకుండా మాట దాచుకోగలిగిన మనిషి, అదును అనేది ఎరిగిన మనిషి పైడిరాజు ఒక్కడే కనిపించాడు.

దడి చాటుకి తీసుకెళ్లి చూపిస్తే పైడిరాజు బెదరలేదు, తిట్టలేదు. మొక్కల చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

“నీకు దీని అదును తెలుసా మామా?” అన్నాడు కన్నబాబు.

“పాకం ఎరిగినోడికి తెల్లేందేటుందిరా? కుర్రతనంలో పసుపు కొనడానికి కొండెక్కీవోణ్ణి. అన్నీ సూసేను. ఆదివారం వత్తాను, అద్దం తెచ్చుకుని.”

అద్దమంటే గడియారాలు బాగుచేసేవాళ్లు కంట్లో పెట్టుకునే భూతద్దం. అనకాపల్లిలో కొట్టు ఎత్తేసిన ఒకాయన దగ్గర సంపాదించాడు. దాన్ని దారంతో తలకి కట్టుకుని, ఆదివారం పొద్దున్నే వచ్చి, ఒక్కొక్క మొక్క ముందు గొంతుక్కూర్చుని చూశాడు. అరగంట చూశాడు. చివరకి, వేళ్లు రుద్దుకుంటూ చెప్పాడు: “ఇంకా పాలే ఉన్నాయిరా. ఇంకో వారం సూద్దాం.”

రెండో ఆదివారం మొక్కకి చెవి ఆనించి విన్నాడు. లోపల ఇంకా నీటి చప్పుడుందన్నాడు. మూడో ఆదివారం ఒక ఆకుని చెంబులో వేసి, అది మునగలేదు గనక అవలేదన్నాడు. నాలుగో ఆదివారం మునిగింది. మునగకూడదన్నాడు. అయిదో ఆదివారం పక్కింటి మేకని తోలుకొచ్చి మొక్కల ముందు నిలబెట్టాడు. మేక మొహం తిప్పుకుని జ్యోతిలక్ష్మి ఆరేసిన జాకెట్టు నమిలింది. మేకకి నచ్చలేదంటే అర్థం చేసుకోమన్నాడు.

వెళ్లేటప్పుడు మాత్రం ప్రతిసారీ, పరీక్షకని ఒక్కొక్క మొక్క కొసలు గిల్లి తుండుగుడ్డలో మూటకట్టుకునేవాడు. మొదట్లో చిటికెడు. తర్వాత గుప్పెడు. పెరగాల్సిన మొక్కలు వారం వారం పొట్టివైపోయాయి. ముసలాడు తన ఆఖరి ఆశని మూటకట్టుకుపోయి చుట్టల్లో చుట్టుకు తాగేస్తున్నాడని కన్నబాబుకి అనుమానం మొదలైంది. పైగా ఆయన మొహంలో ఎప్పుడూ ఒక రకమైన మత్తు ఉన్నట్టే కనిపించేది. అది భూతద్దం వల్ల ఒక కన్ను సగం మూసుకుపోవడమని అతనికి తట్టలేదు.

నానాజీ ఓపిక అయిపోయింది. అయినా కాకపోయినా వచ్చే ఆదివారం తానే కత్తి తెచ్చి కోసుకుపోతానని ఫోన్లో చెప్పి పెట్టేశాడు.

ఆ ఆదివారం తర్వాత దడివైపే పోని కన్నబాబు శుక్రవారం పొద్దున దడి తీసి చూశాడు. అయిదు మొక్కలకీ ఒక్క పూత లేదు. గొరిగిన తలల్లాగా కాడలు నిలబడి ఉన్నాయి. తోట కాల్చుకున్న రోజున కూడా అతనికి అంత ఏడుపు రాలేదు. ఏడవడానికి టైము లేక నేరుగా పైడిరాజు ఇంటికి పోయాడు.

పైడిరాజు ఉతికిన చొక్కా తొడుక్కుని, జేబులో ఆధార్ కార్డు పెట్టుకుని బయలుదేరుతున్నాడు. కొండలమ్మ జంతికల పొట్లం కడుతోంది.

“నా మొక్కలు తెగ్గిల్లి ఏటి సేసేవు మామా? అమ్ముకున్నావా, తాగేవా?”

“నీ పేడకుప్పలోనే కప్పెట్టేను. ఎక్కడికీ పోలేదు. ఆదివారం ఆదివారం నువ్వు లోపలికెల్లేక అక్కడే కప్పెడతన్నాను,” అన్నాడు పైడిరాజు. “బస్సొచ్చే టైమైంది. నాతోటి రా, దార్లో తిడుదువుగాని.”

తిట్టడానికే ఎక్కాడు కన్నబాబు. అనకాపల్లి దాటేదాకా తిట్టాడు. పైడిరాజు కిటికీలోంచి చూస్తూ అన్నీ విన్నాడు. తిట్లు అయిపోయాక చెప్పడం మొదలుపెట్టాడు.

కొండలమ్మ కొడుకు కిరణ్ దుబాయి డ్రైవరుగా పోయాడని ఊళ్లో అందరికీ తెలుసు. అతను దుబాయి పోలేదు. విశాఖ జైల్లో ఉన్నాడు. నాలుగేళ్ల కిందట ఎవరో వ్యాను నడపమని పిలిస్తే, వాళ్లమ్మ అన్నగార్ని సలహా అడిగింది.

“పిల్లోడు పన్లోకి ఎల్లొచ్చా అన్నా అంది. మీసం సూసేను, లైసెన్సు సూసేను. రెప్పపాటులో ‘అయ్యేడు, పంపీయ్’ అన్నాను. అరటిగెలల కింద గంజాయుందని ఆడికీ తెల్దు, నాకూ తెల్దు.” ఆయన చొక్కా జేబులో ఆధార్ కార్డు సరిచేసుకున్నాడు. “పెనం దగ్గర ఒక్కనాడూ తప్పలేదురా. ఈడి దగ్గర తప్పేను. ఆ మాట మళ్లీ నోటికి రాలేదు.”

ఊరంతా నవ్వుకున్న మాట వెనక ఇంత ఉందని తెలిసి కన్నబాబుకి సిగ్గేసింది. జైలు గోడ దగ్గర పేర్లు రాయించుకుని, రెండు గంటలు ఎండలో నిలబడి, ఇద్దరూ లోపలికి వెళ్లారు. ఇనపవల అవతల కిరణ్ కనిపించాడు. ఇరవై ఆరేళ్లవాడికి చెంపలు నెరిశాయి. వాళ్లమ్మ గురించి, ఊరి గురించి అడిగాడు. చివర్లో అడిగాడు.

“ఇంకెన్నాళ్లు మామా?”

“అయిపోయిందిరా,” అన్నాడు పైడిరాజు, తడుముకోకుండా. “అయిపోయినట్టే. వచ్చే వాయిదాకి అయిపోద్ది.”

“నాలుగేళ్ల నుంచీ ఇదే సెప్తన్నావు.”

“పాకం సూసీవోణ్ణి. నాకు తెల్దేటి?”

కిరణ్ నవ్వాడు. ఆ నవ్వు కోసమే ఆయన నెలనెలా ఇంత దూరం వస్తున్నాడని కన్నబాబుకి అర్థమైంది. లోకంలో ఉన్న ‘అయింది’లన్నీ కూడబెట్టి ఇక్కడ ఖర్చు పెడుతున్నాడు ముసలాడు.

ఆ సాయంత్రం పైడిరాజుతో కలిసి ఇంటికొచ్చి కన్నబాబు అయిదు కాడలూ వేళ్లతో సహా పీకి పేడకుప్పలో తొక్కాడు. తొక్కుతూ, మరి తన బతుకు మాటేమిటని పైడిరాజుని అడిగాడు. దానికి తన దగ్గర మాట లేదని ఆయన ఉన్నమాట చెప్పేశాడు. పంచె ఎగ్గట్టి తనూ కుప్పలోకి దిగి తొక్కాడు.

ఆదివారం నానాజీ కత్తీ సంచీ పట్టుకుని వచ్చాడు. పైడిరాజు భూతద్దం కట్టుకుని పేడకుప్ప ముందు కూర్చుని ఉన్నాడు. మొక్కలేవని నానాజీ అడిగితే కుప్పని చూపించాడు. అదెప్పుడు జరిగిందని అడిగితే, ఇంకా జరుగుతోందన్నాడు. పిడికెడు పేడ తీసి, నలిపి, అద్దంతో చూసి, నానాజీ ముక్కు కిందకి చాచాడు.

“ఇంకా మాగలేదు బాబూ. ఇంకో వారం సూద్దాం. ఆదివారం రా.”

నానాజీ కన్నబాబుని తిట్టాడు, గింజల్ని తిట్టాడు, ఆ జిల్లానే తిట్టాడు. కానీ పేడచేతులతో మీదమీదకి వచ్చి సంచీ తెరిచి పట్టుకోమంటున్న ముసలివాడితో ఎంతసేపు వాదిస్తాడు? తెల్లచొక్కా వేసుకొచ్చిన పాపానికి మోటారు సైకిలు ఎక్కేశాడు. ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు.

ఇదంతా జ్యోతిలక్ష్మి వంటింటి గుమ్మంలోంచి చూసింది. పొయ్యి మీద అన్నం కుతకుతలాడుతోంది. చేతులు కడుక్కుని వెళ్లిపోతున్న పైడిరాజుని భోజనానికి ఉండమంది. ఆ తర్వాత, రెండు నెలలకి మొదటిసారిగా, మధ్యలో ఇందు లేకుండా, మొగుడితో మాట్లాడింది.

“కూకో. మామకి పీటేసి నువ్వూ కూకో. రేపు కంపెనీ కాంటీన్లో మనిషి కావాలంటన్నారు, నాతో రా. అక్కడ పొడుగు సూడరు.”

కన్నబాబు పీట వెయ్యడానికి లేచాడు గాని, కళ్లు మసకేసి పీట ఎక్కడుందో కనిపించలేదు. ఇందు తెచ్చి వేసింది.

జ్యోతిలక్ష్మి గరిటెతో నాలుగు మెతుకులు తీసి పైడిరాజు ముందు పెట్టి, అయిందేమో చూడమంది. మాటవరసకి అడిగింది, అంతే. ఆయనేం చెబుతాడో పిల్లకి కూడా తెలుసు. ఇందు అప్పుడే నోట్లో ‘ఇంకో వారం’ అని గొణిగింది.

పైడిరాజు ఒక మెతుకుని రెండు వేళ్ల మధ్య నలిపాడు, ఒకప్పుడు పాకం నలిపినట్టు. కన్నబాబు మొహం చూశాడు. జ్యోతిలక్ష్మి మొహం చూశాడు.

“అయింది,” అన్నాడు. “వార్చీయ్.”

అన్నం సగమే ఉడికింది. మెతుకు మెతుకూ పళ్ల కింద కరకరలాడింది. అందరూ మళ్లీ వడ్డించుకు తిన్నారు.