వీధి చివరి నుంచే వినిపించే టైర్లు

అది 2011 నవంబర్. మిషిగన్‌లోని నోవైలో నేను పనిచేసే టైర్ల షాపుకి ఏడాది మొత్తంలో ఊపిరి ఆడని నెల అదే. అక్టోబర్ అంతా ఎవరికీ గుర్తుకురాని చలికాలం టైర్లు, టీవీలో ‘ఫ్రీజింగ్ రెయిన్’ అన్న మాట వినపడగానే ఊరందరికీ ఒక్కసారే గుర్తొస్తాయి. పొద్దున షట్టర్ ఎత్తేసరికి పార్కింగ్ లాట్ నిండిపోయి ఉంటుంది. ప్రతి ఒక్కరికీ తమ బండే ముందు కావాలి.

నేను తెనాలిలో మెకానికల్ డిప్లొమా చేసినదాన్ని. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక వర్క్ పర్మిట్ కోసం ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చున్నాను. అది చేతికి రాగానే ఇంటికి దగ్గరలో కనిపించిన మొదటి ఉద్యోగంలో చేరిపోయాను. కౌంటర్ వెనక నిలబడి, వచ్చినవాళ్ళ బండికి ఏ టైరు నప్పుతుందో చెప్పి ఒప్పించడం నా పని. ఇక్కడి తెలుగు పిల్లలకి నేను టైర్ ఆంటీని. నాకు కంగారు ఎక్కువ, నోరు అంతకంటే ఎక్కువ. చిత్రం ఏమిటంటే ఈ పనికి రెండూ కలిసొచ్చాయి.

ఆ శనివారం వేణు గారు కుటుంబంతో సహా దిగారు. ఆయన ట్రాయ్‌లో ఐటీ ఇంజనీర్. భార్య సుజాతది కరీంనగర్ వైపు, ఇంటినుంచే ఏదో అకౌంటింగ్ పని చేసుకునేది. నన్ను ‘పద్మక్కా’ అని నోరారా పిలిచేది. కూతురు శ్రేయ ఆన్ ఆర్బర్‌లో ఇంజనీరింగ్ చదువుతూ రోజూ ఇంటినుంచే వెళ్ళొచ్చేది. ముప్పై మైళ్ళ దారి, అందులో ఎక్కువభాగం ఫ్రీవే. బయట నిలబెట్టిన బండి ఎత్తుగా, పెట్టెలా, కొండలూ గుట్టలూ ఎక్కే ఫోర్ వీల్ డ్రైవ్. అంతకుముందు ఏడాది శ్రేయ చిన్న కారు మంచులో జారి రోడ్డు పక్కనుండే గార్డ్ రెయిల్‌కి కొట్టుకుని తుక్కయిపోయింది. పిల్లకి దెబ్బ తగల్లేదు గానీ, పెద్ద బండి అయితే భద్రంగా ఉంటుందని వేణు గారు దీన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. పాత ఓనర్ వేయించిన మడ్ టెరెయిన్ టైర్లే దానికి ఇంకా ఉన్నాయి.

మడ్ టెరెయిన్ అంటే బురద కోసం చేసిన టైరు. ఒంటినిండా పెద్ద పెద్ద రబ్బరు దిమ్మలు, వాటి మధ్య వేళ్ళు దూరేంత సందులు ఉంటాయి. బురదలో దిగితే ఆ సందులు బురదని బయటికి విసిరేస్తూ పోతాయి. తారురోడ్డు మీద మాత్రం ఆ దిమ్మలు ఒకదాని తర్వాత ఒకటి నేలని కొడుతూ ‘హోం’ అని ఒకటే హోరు పెడతాయి. అరిగేకొద్దీ ఆ హోరు ఇంకా పెరుగుతుంది.

“తేల్చండి పద్మ గారూ,” అన్నారు వేణు గారు, కుర్చీలో కూర్చోకుండానే. “ఇవే ఉంచాలా, మార్చాలా? ఇంటర్నెట్‌లో చదివి చదివి నా బుర్ర వేడెక్కిపోయింది. ఒకడు ఔనంటాడు, ఇంకొకడు కాదంటాడు.”

“బురదలోకి ఎన్నాళ్ళకోసారి వెళ్తావమ్మా?” అని శ్రేయని అడిగాను.

“సమ్మర్‌లో ఫ్రెండ్స్‌తో, ఆంటీ. నార్త్‌లో మడ్ ట్రెయిల్స్ ఉంటాయి. టూ ఆర్ త్రీ టైమ్స్. కానీ డైలీ డ్రైవ్‌కి ఇవి సో లౌడ్! క్లాస్‌లో కూర్చున్నా నా చెవుల్లో ఆ సౌండే వస్తుంది. నాకు వద్దు.”

నాకు సగం పని అయిపోయినట్టు అనిపించింది. చలికాలానికి వింటర్ టైర్లు, మిగతా రోజులకి ఆల్ టెరెయిన్ అనే మధ్యరకం టైర్లు వేసుకోమని చెప్పబోతున్నాను. అప్పటిదాకా నోరు మెదపని సుజాత అందుకుంది.

“వద్దక్కా. ఇవే ఉండనియ్యండి. అరిగిపోతే ఇట్లాంటివే కొత్తవి ఎయ్యండి.”

వేణు గారు భార్య వంక వింతగా చూశారు. “నువ్వేనా ఈ మాట అనేది? చినుకు పడితే చాలు, పిల్ల కాలేజీ మానెయ్యాలంటావు!”

“అవన్నీ నాకు తెల్వదు. నాకు ఇవే కావాలి.”

నేను బిత్తరపోయాను. ఆ ముగ్గురిలో భయం మూర్తీభవించిన మనిషి సుజాత. గుడిలో కనపడ్డా, పార్టీలో కనపడ్డా ఆమె చేతిలో ఫోను, చూపు గుమ్మం మీద. అలాంటిది, ఐసు మీద అన్నిటికంటే చెడ్డ టైరుని పట్టుకుని కూర్చుంది.

“ఫోర్ వీల్ డ్రైవ్ ఉందిగా, పర్లేదేమో,” అని వేణు గారు నసిగారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ ఊళ్ళో ప్రతి చలికాలం గుంటల్లో పడే బండ్లలో అవే ముందుంటాయి.

“కదలడానికి పనికొస్తుందండీ అది! నాలుగు చక్రాలూ కలిసి తోస్తాయి, ఝామ్మని పోతుంది. ఆగాల్సి వచ్చినప్పుడు మాత్రం ఏ బండికైనా బ్రేకూ టైరూ తప్ప ఇంకో దిక్కు లేదు,” అన్నాను, కాస్త గట్టిగానే.

తండ్రీకూతుళ్ళు బండిలోంచి ఏవో సామాన్లు తీయడానికి బయటికి వెళ్ళారు. నేను కాఫీ పోసి సుజాత చేతికిచ్చి, పక్కన కూర్చున్నాను. “ఇప్పుడు చెప్పు. ఏమిటి సంగతి?” అన్నాను.

“పోయిన ఏడు ఆక్సిడెంట్ ఎట్ల అయిందో మీకు తెల్వదు కదక్కా. ఎవ్వరికీ చెప్పలే. మంచు పడుతుందని నేనే ఫోన్ చేసిన, ఎక్కడున్నవే అని. అది ఎత్తుదామని చెయ్యి చాపింది. అంతే.”

నేను నా కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాను.

“అప్పటిసంది అది బండిలో ఉందంటే నేను ఫోన్ ముట్టుకోను. బయల్దేరేటప్పుడు మెసేజ్ పెడ్తది. ఆ తర్వాత గంటసేపు నా పాణం నా దగ్గర ఉండదు. ఈ బండి వచ్చినంక ఒక్క సుఖం దొరికింది. మా వీధి చివర తిరగంగనే ఆ హోరు వినపడ్తది. చెవులు అటు పెట్టి నా పని నేను చేసుకుంటున్న. వినపడంగనే పొయ్యి మీద పెనం పెడ్త. అది లోపలికి వచ్చేసరికి దోశ అయితది. మీరు ఆ చప్పుడు తీసేస్తే నేనేం చెయ్యాలక్కా?”

నేను పదేళ్ళుగా టైర్లు అమ్ముతున్నాను. చప్పుడు ఎక్కువని తిట్టినవాళ్ళని వందలమందిని చూశాను. చప్పుడు కోసం టైరు కావాలని అడిగిన మనిషి ఆమె ఒక్కతే. అయినా అవే టైర్లతో పిల్లని జనవరిలో ఫ్రీవే మీదికి పంపమంటే నా మనసు ఒప్పుకోదు.

సుజాతని లేవదీసి వెనక తలుపు దగ్గరికి తీసుకెళ్ళాను. బయట చలిలో రాత్రంతా పడి ఉన్న రెండు టైర్లు అక్కడ ఉన్నాయి. ఒకటి మడ్ టెరెయిన్, ఇంకొకటి వింటర్ టైరు. “వేలితో నొక్కి చూడు,” అన్నాను. మొదటిది నొక్కింది. నిన్నటి గారెలా బిర్రబిగుసుకుని ఉంది. రెండోదాన్ని నొక్కితే రబ్బరు కొంచెం లోపలికి పోయింది. దాని మీద జుట్టంత సన్నటి గాట్లు వందల కొద్దీ ఉంటాయి. వాటిని సైప్స్ అంటాం. ఐసుని కరుచుకుని ఆపేది ఆ గాట్లే.

“చలికి ఈ బురద టైరు రబ్బరు గట్టిపడిపోతుంది సుజాతా. గాట్లూ ఉండవు. చప్పుడైతే చేస్తుంది గానీ ఆగదు. ఆ హోరు నీకు వినపడాలంటే ముందు పిల్ల మీ వీధి దాకా రావాలి కదమ్మా.”

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సిందేమో. ఆమె ముఖం తెల్లబోయింది. మళ్ళీ ఒకసారి మెత్తటి టైరుని నొక్కి చూసింది. చాలాసేపు ఆ వేలు తీయలేదు.

“సరే. ఇవే ఎయ్యండి,” అంది. “ఎండాకాలం దాకానే కదా.”

ఆ మధ్యాహ్నమే నాలుగూ మార్చాం. పాతవాటిలో ఇంకా ఒక ఏడాది ప్రాణం ఉంది గనక, వాటిని వాళ్ళ గరాజ్‌లో దాచుకోమన్నాం. బండి మా లాట్ దాటి పిల్లిలా వెళ్ళిపోయింది. సుజాత ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి నన్నే చూస్తోంది. మంచిపని చేశానని నాకు తెలుసు, అయినా నా మనసు మనసులో లేదు.

జనవరి చివర్లో ఒకరోజు మధ్యాహ్నం నుంచి ఫ్రీజింగ్ రెయిన్ మొదలైంది. వాన వానలాగే పడుతుంది, నేలని తాకగానే గాజులా గడ్డకడుతుంది. కంటికి తడిరోడ్డులాగే ఉంటుంది. చీకటి పడుతుండగా రేడియోలో, ఫ్రీవే మీద కార్లు ఒకదానికొకటి గుద్దుకుని ఆగిపోయాయని చెప్పారు. అది శ్రేయ వచ్చే దారే. సరిగ్గా అప్పుడే షాపు ఫోన్ మోగింది.

“అక్కా, శ్రేయ బయల్దేరిన అని ఎప్పుడో మెసేజ్ పెట్టింది. ఇంకా రాలే.” సుజాత గొంతు గొంతులా లేదు. “వేణు కూడా ట్రాఫిక్‌లోనే ఉన్నడు. నాకు ఏం వినపడ్తలేదక్కా. బయటంతా చప్పుడు లేకుండ ఉంది.”

“వస్తుందమ్మా. ఇవాళ అందరూ నత్తల్లా నడుపుతున్నారు, ఆలస్యమవుతుంది మరి,” అని పైకి అంటున్నాను. ఆ టైర్లు వేయించింది నేను. చక్రాలు మార్చాక కొన్ని మైళ్ళు తిరిగి వస్తే నట్లు మళ్ళీ బిగించి చూస్తాం, దాన్ని రీ టార్క్ అంటాం. శ్రేయ దానికి వచ్చిందా, రాలేదా? ఆ క్షణంలో ఎంత తన్నుకున్నా గుర్తుకు రాలేదు. వచ్చింది, ఎర్ర మఫ్లర్ చుట్టుకుని వచ్చింది, ఆ రోజు నాకు చాక్లెట్ కూడా ఇచ్చింది అని గుర్తొచ్చాక గానీ ఆ భయం వదల్లేదు. గాలి సరిపోయిందా? చలికి ప్రెషర్ పడిపోతుంది, చూసుకుందా? దేవుడా, ఈ పిల్ల ఒక్కసారి ఇల్లు చేరితే చాలు.

“కిటికీ కాడనే నిలబడి ఉన్నవా?” అని అడిగాను. ఆమెతో మాట్లాడితే నాకూ ఆ యాస వచ్చేస్తుంది.

“ఇప్పటిదాంక అక్కడే ఉన్న. ఫోన్ చార్జింగ్ అయిపోతుందని వంటింట్లోకి వచ్చిన. పోలీసులకి చెయ్యాల్నా అక్కా? ఎవరికి చెయ్యాలె?”

“ఆగు. ఇంకొంచెం చూద్దాం. నేను లైన్‌లోనే ఉంటాను.”

కౌంటర్ ముందు ఇద్దరు కస్టమర్లు నిలబడి నా వంక గుర్రుగా చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. ఆమె ఊపిరి నాకు వినపడుతోంది, నాది ఆమెకి. అప్పుడు ఫోన్‌లో దూరంగా ఒక పిల్ల గొంతు వినిపించింది.

“మామ్? ఎవరితో మాట్లాడుతున్నావు?”

అవతల ఫోను నేలమీద పడిన శబ్దం. ఆ తర్వాత సుజాత అరుపు. “ఎప్పుడొచ్చినవే! చప్పుడే లేదు కదనే! నువ్వు ఎప్పుడొచ్చినవే!” తిడుతోందో ఏడుస్తోందో తెలియలేదు. శ్రేయ మాత్రం మాటలు కూడదీసుకుంటూ ఒకటే చెబుతోంది. “నా ముందున్న కార్ స్పిన్ అయింది మామ్. నేను బ్రేక్ నొక్కాను. ఆగింది. ఇట్ జస్ట్ స్టాప్డ్.”

నేను ఫోన్ పెట్టేసి వెనకగదిలోకి వెళ్ళి, టైర్ల దొంతర మీద కూలబడి కాసేపు ఏడ్చాను. ఆ కస్టమర్లు పాపం ఏమనుకున్నారో.

ఏప్రిల్‌లో శ్రేయ ఒక్కతే వచ్చింది. బండి వెనకభాగంలో పాత మడ్ టెరెయిన్ టైర్లు నాలుగూ పేర్చుకుని తెచ్చింది. “ఇవి వేసెయ్యండి ఆంటీ.”

“అదేమిటే! చెవుల్లో హోరు అన్నావు కదా? ఆల్ టెరెయిన్ వేసుకో. నీ రెండు మూడు ట్రెయిల్స్‌కి అవి చాలు. హాయిగా పాటలు వింటూ పోవచ్చు.”

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. “మామ్ వింటర్ అంతా కిటికీ దగ్గరే ఉంది ఆంటీ. ఎవ్రీ డే. నేను వీధిలోకి టర్న్ అవగానే కర్టెన్ పక్కన తను కనిపిస్తుంది. ఇంతకుముందు అలా కాదు. నేను డోర్ తీసేసరికి దోశ రెడీగా ఉండేది. ఎలా తెలుస్తుందో నాకు అర్థమయ్యేది కాదు. అప్పుడు ఐస్ స్టార్మ్ రోజున ‘చప్పుడే లేదు’ అని ఏడ్చింది కదా. దెన్ ఐ గాట్ ఇట్. మామ్ నాకు ఫోన్ చేయదు, తెలుసా ఆంటీ? డ్రైవ్ చేసేప్పుడు ఒక్కసారి కూడా చేయదు. సో ఇవే పెట్టండి. మళ్ళీ డిసెంబర్‌లో మార్చేద్దాం.”

అవే వేయించాను. ఈసారి రీ టార్క్‌కి ఏ రోజు రావాలో రెండుసార్లు చెప్పి పంపించాను. బండి లాట్ దాటి రోడ్డెక్కగానే హోం అని మొదలుపెట్టింది. చెవులు చిల్లులు పడే గోల. అది సిగ్నల్ దగ్గర మలుపు తిరిగి అణిగిపోయేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను.

కాసేపటికి నా సెల్‌కి ఫోన్ వచ్చింది. సుజాత. పెనం మీద పిండి పోసినప్పటి ‘సుయ్’ మాత్రం వినిపించింది.

“వినపడిందా?” అని అడిగాను.

“వినపడిందక్కా,” అంది.

ఐసు మీద ఏ టైరు ఆగుతుందో, బురదలో ఏది లాగుతుందో నాకు అప్పటికే తెలుసు. అందులో కొత్తగా నేర్చుకున్నదేమీ లేదు. కానీ ఆ ఏడాది నుంచి కౌంటర్ దగ్గర నేను అడిగే ప్రశ్నల్లో ఒకటి పెరిగింది. రోజూ ఎన్ని మైళ్ళు, మంచులోకి వెళ్తారా, బురదలోకి వెళ్తారా అన్నీ అడిగాక, “మీ బండి కోసం ఇంట్లో ఎవరు ఎదురుచూస్తుంటారు?” అని అడుగుతాను. చాలామంది నవ్వేసి, టైర్లకీ దానికీ ఏమిటి సంబంధం అంటారు. జవాబు చెప్పేదాకా నేను మాత్రం వాళ్ళని వదలను.