లింగవ్వ సాక్ష్యం

ఖానాపూర్‌లో బీడీలు చేసే ఆడవాళ్ల నడుమ లింగవ్వ మాటకు విలువుండేది. వాడకట్టులో ఏ ఇద్దరికి తగవు వచ్చినా, "లింగవ్వను పిలువుండ్రి, ఆమె ఉన్నదున్నట్టు చెప్తది" అనేవాళ్లు. ఆమె వచ్చి, చూసింది చూసినట్టు చెప్పి, చూడనిది చూడలేదని చెప్పి వెళ్లిపోయేది. అలాంటి మనిషి దాదాపు అరవయ్యేళ్ల వయసులో నిండు సభలో ఒక అబద్ధానికి తలూపింది. దానికి ఒక ఆడపిల్ల బలైపోయింది.

లింగవ్వ భర్త గంగయ్య బావిలో పూడిక తీస్తుండగా మట్టిపెళ్ల విరిగిపడి చనిపోయాడు. అప్పటికి కొడుక్కి రెండేళ్లు. మల్లన్నకు మొక్కుకుంటే పుట్టాడని వాడికి ఆ దేవుడి ఊరి పేరే కొమురెల్లి అని పెట్టుకున్నారు. మొగుడు పోయాక ఏడాది పాటు ఆమె గడప దాటలేదు. తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, అంతే లోకం. ఆ రోజుల్లో ఆ ఇంటికి వచ్చిపోయిన మనిషి దశరథం అయ్యగారొక్కరే. ఆయన రిటైరైన బడిపంతులు. ఊరి చివర రేకుల షెడ్డులో ఆదివారం ప్రార్థన నడిపేవారు. ఓదార్పు మాటలు ఆయనకు చేతకావు. పలక తెచ్చి ఆమె ముందు పెట్టి, "అక్షరాలు నేర్చుకో లింగవ్వా. దుఃఖం తగ్గదు గని, దానికో తోడు దొరుకుతది" అన్నారు.

రెండేళ్లకు ఆమె వేలు పెట్టి సువార్త చదవడం నేర్చింది. మూడో ఏట గోదావరిలో బాప్తిస్మం తీసుకుంది. అయ్యగారు ఆమెకు ఒకటే చెప్పేవారు: "నేను చెప్పిన గూడ ఊకనే నమ్మకు. ఇంటికి పోయి గ్రంథం ఇప్పి చూడు. అండ్ల ఉంటే నమ్ము, లేకుంటే వచ్చి నన్నడుగు." ఆమె ఆ మాటను అక్షరాలా పట్టుకుంది. ఒక క్రిస్మసు మరునాడు పొద్దున్నే బైబిలు సంకన పెట్టుకొని వాళ్లింటికి పోయి, "జ్ఞానులు ముగ్గురని నిన్న చెప్తిరి గద అయ్యగారూ. ముగ్గురని యాడ రాసి లేదు" అంది. ఆయన కళ్లజోడు సరిచేసుకొని ఆ పేజీ రెండుసార్లు చదివి, పెద్దగా నవ్వారు. తర్వాతి ఆదివారం అందరి ముందూ తన తప్పు ఒప్పుకున్నారు.

కొమురెల్లి ఆ షెడ్డులోనే చాపల మీద పెరిగాడు. మంచి గొంతు. వాడు పాట ఎత్తుకుంటే బయట పోతున్నవాళ్లు ఆగి వినేవాళ్లు. ఇంటరు చదివి, బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. తల్లి అంటే ప్రాణం.

కొన్నేళ్ల కిందట లింగవ్వకు దగ్గు పట్టుకుంది. సాయంత్రమైతే జ్వరం, ఒకరోజు కొంగులో నెత్తురు. సర్కారు దవాఖానలో తెమడ పరీక్ష చేసి క్షయ అన్నారు, ఆరు నెలలు మందులు మింగాలన్నారు. ఆశా కార్యకర్త మంజుల వారం వారం వచ్చి చూసిపోయేది. దవాఖాన నుంచి గోలీలు తెచ్చింది మాత్రం కొమురెల్లే. పొద్దున్నే జావ కాచి తాగించి, గోలీలు అరచేతిలో పెట్టి, ఆమె మింగాక మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చొని ప్రార్థన చేసేవాడు. మందు మొదలుపెట్టిన కొత్తలో మూత్రం ఎర్రగా వస్తే ఆమె బెదిరిపోయింది. వాడు మంజులకు ఫోన్ చేసి కనుక్కొని, "గా మందుకు అట్లనే వస్తదట అవ్వా, ఫికర్ చెయ్యకు" అని వీపు నిమిరాడు.

ఆరు నెలలకు జబ్బు పోయిందన్నారు. ఆ ఆదివారం షెడ్డులో నిలబడి, "దేవుడు మా అవ్వను నాకు మళ్ల ఇచ్చిండు" అని కొమురెల్లి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ మాటలో అబద్ధం లేదు.

ఆ ఏడే దశరథం అయ్యగారు కన్నుమూశారు. కొమురెల్లిని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు సాక్ష్యం చెప్పమని ప్రార్థన కూటాలకు పిలవసాగారు. వాల్‌పోస్టర్ల మీద వాడి పేరు బ్రదర్ ఎలీషా అయింది. దుకాణం మూతపడింది. అబద్ధం ఒక్కనాడు పుట్టలేదు. నిర్మల్‌లో తల్లికి నయమైన సంగతి చెప్పినప్పుడు డాక్టర్లు ఆశ వదులుకున్నారన్న మాట చేరింది. జగిత్యాలలో మూడు రోజుల ఉపవాసం చేరింది. మెట్‌పల్లికి వచ్చేసరికి, "మా అవ్వ ఒక్క గోలి మింగలే" అన్నాడు. ఆ వీడియోను పక్కింటామె ఫోన్‌లో పెట్టి చూపిస్తే, చుడుతున్న బీడీ లింగవ్వ చేతిలో విడిపోయింది.

మధ్యాహ్నం వాడు అన్నానికి కూర్చున్నప్పుడు అడిగింది. "కొమురెల్లీ, దవాఖాన నుంచి గోలీలు తెచ్చింది నువ్వే గదరా?"

"తెచ్చిన." వాడు పళ్లెంలోంచి తలెత్తలేదు.

"మరి ఒక్క గోలి మింగలే అంటివి?"

"అవ్వా, గోలీల ముచ్చట చెప్తే జనం గోలీలకే దండం పెడ్తరు. దేవునికి మహిమ రావాలె. పది మందికి విశ్వాసం పెరుగుతుంటే, చిన్న మాట పట్టుకొని ఎందుకు పరేషాన్ అయితవ్?"

"గోలి ఇచ్చింది గూడ దేవుడే అనుకున్న నేను."

"అట్ల చెప్తే ఎవలొస్తరే?"

అనేశాక వాడు గబగబా అన్నం కలపసాగాడు. లింగవ్వ లేచి బైబిలు తెచ్చింది. దేవుని పక్షాన నిలబడతామని ఆయన కోసం అబద్ధాలాడతారా అని యోబు తన స్నేహితులను నిలదీసిన చోటు తీసింది. పౌలు తిమోతికి రాసిన ఉత్తరం తీసి, తన వెంట తిరిగిన మనిషిని జబ్బుతో ఒక ఊళ్లో విడిచి వచ్చానని ఆయన రాసుకున్న చోట వేలు పెట్టింది. "పౌలు సుత దాచిపెట్టలేదురా. ఆయన ప్రార్థన కంటె నీ ప్రార్థన పెద్దదా?"

"పౌలు కాలం వేరే అవ్వా" అని వాడు చేయి కడుక్కొని లేచాడు.

వేసవిలో భైంసాలో సభ పెట్టారు. "నువ్వొక్కసారి వచ్చి స్టేజీ మీద కూసో అవ్వా. ఏం మాట్లాడకు" అన్నాడు. ఆమె ఒక ఆశతో ఒప్పుకుంది. కళ్లెదుట తల్లి ఉండగా కొడుకు అబద్ధమాడలేడనుకుంది. పట్టపగలు, షామియానా కింద వందల మంది. వాడు ఆడాడు. నెత్తురు కక్కుతున్న తల్లి, చేతులు ముడుచుకున్న డాక్టర్లు, పారేసిన గోలీలు, అంతా చెప్పి, "ఇగో, మా అవ్వ!" అని మైకు ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఆమె వాడి కళ్లలోకి చూసింది. తప్పు చేసి, తల్లి నలుగురిలో బయటపెడుతుందేమోనని బెదిరే పసివాడి చూపు. నిజం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. "దేవునికి స్తోత్రం" అంది, తలూపింది. జనం చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత ఆమె బైబిలు తెరిచినా చదవలేకపోయింది. అబద్ధ సాక్ష్యం చెప్పొద్దన్న ఆజ్ఞ వేలు పెట్టని చోట కూడా కనబడేది. నేను అబద్ధం చెప్పలేదు, స్తోత్రమే చెప్పాను అని తనకు తాను నచ్చజెప్పుకుంది. అది నిలవలేదు.

దసరా పోయిన వారానికి ఒక తల్లీ బిడ్డా భైంసా నుంచి రెండు బస్సులు మారి ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. తల్లి పేరు సత్తమ్మ, బిడ్డ వనజ. ఇద్దరూ పత్తి మిల్లులో కూలికి పోయేవాళ్లు. వనజకు పాతికేళ్లుంటాయి. చెంపలు లోపలికి పోయాయి, నాలుగు మాటలకు ఒకసారి దగ్గు. ముఖంలో మాత్రం సంతోషం.

"పెద్దమ్మా, నిన్ను చూడాలనే వచ్చిన. నాకు సుత గదే బీమారి. రెండు నెల్లు గోలీలు మింగిన. గా దినం సభల నిన్ను చూసినంక బంద్ చేసిన. నీ తీర్గనే ప్రార్థన మీదనే ఉన్న. జర దగ్గు మిగిలింది, గంతే. నువ్వొకసారి నెత్తి మీద చెయ్యి పెట్టు."

లింగవ్వ చెయ్యి పెట్టలేదు. లోపలికి పోయి, పెట్టె అడుగున దాచిన దవాఖాన కార్డు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "నేను ఆర్నెల్లు మింగిన బిడ్డా. ఒక్క దినం తప్పలే. చూడు, గీతలు పెట్టి ఉన్నయి."

వనజ ఆ కార్డును తిప్పి తిప్పి చూసింది. "మరి గా దినం ఎందుకు చెప్పలే పెద్దమ్మా?" అంది. ఆ గొంతులో కోపం లేదు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది.

ఆ పూటే లింగవ్వ, మంజులను వెంటబెట్టుకొని వనజను నిర్మల్ దవాఖానకు తీసుకుపోయింది. మందులు నడుమ ఆపేయడంతో జబ్బు మొండికెత్తిందని, మామూలు గోలీలకు లొంగదని డాక్టర్లు హైదరాబాదుకు పంపారు. లింగవ్వ కూడా వెళ్లింది. నలభై రోజులు ఆ వార్డు బయట సత్తమ్మతో కలిసి బండల మీద పడుకుంది. వనజకు తినిపించింది, బట్టలు ఉతికింది. కొడుక్కి ఫోన్ చేసి, "ఒక్కసారి వచ్చి గీ పిల్లకు నిజం చెప్పి పో" అంది. "ఆమెకు విశ్వాసం సాలలే అవ్వా. నేనేం జేస్త?" అన్నాడు. ఆ మాట వనజకు చెప్పలేదు.

ఒక తెల్లవారుజామున వనజ ప్రాణం పోయింది. సత్తమ్మ అంబులెన్సు వచ్చిందేమోనని గేటు దాకా పోయి వచ్చింది. వచ్చి లింగవ్వ వైపు తిరిగి అంది: "నీ కొడుకు మాట నా బిడ్డ నమ్మలే. సభలల్ల అందరు గట్లనే చెప్తరన్నది. నీ మొకం చూసి నమ్మింది."

క్రిస్మసుకు ముందు కరీంనగర్‌లో పెద్ద సభ అని లింగవ్వకు తెలిసింది. ఎవరికీ చెప్పకుండా ఒక్కతే బయలుదేరింది. ముందు వరుసలో తల్లిని చూసి కొమురెల్లి ముఖం వెలిగిపోయింది. కోపం చల్లారి వచ్చిందనుకున్నాడు. తనే కిందికి దిగి చెయ్యి పట్టుకొని పైకి తీసుకుపోయాడు, తనే మైకు ఇచ్చాడు.

"నా పేరు లింగవ్వ" అంది ఆమె. "నాకు టీబీ వచ్చిన మాట నిజం. పోయిన మాట నిజం. నేను ఆర్నెల్లు గోలీలు మింగిన. తెచ్చింది నా కొడుకే, మింగించింది నా కొడుకే. వాడు ప్రార్థన సుత చేసిండు. దేవుడు రెండిట్లనూ ఉన్నడు. ఒక్క గోలి మింగలేదన్నది అబద్ధం. భైంసాల నేను గా అబద్ధానికి తలూపిన. వనజ అనే పిల్ల నన్ను చూసి మందు బంద్ చేసి సచ్చిపోయింది. మీల ఎవలన్న మందు ఆపితే, ఇయ్యాల్నే మొదలువెట్టుండ్రి. ఎవలు ఏం చెప్పినా గ్రంథం ఇప్పి చూసుకోండ్రి. నేను చెప్పినా..."

మైకు ఆగిపోయింది. మైదానమంతా గోలగా ఉంది. కొమురెల్లి ఇంకో మైకు తీసుకున్నాడు. వాడి పెదవులు పాలిపోయాయి. "మా అవ్వకు మనసు మంచిగ లేదు" అన్నాడు. "శత్రువు ఆమె నోటిని వాడుకుంటున్నడు. అందరు ఆమె కోసం ప్రార్థన చెయ్యండి."

నలుగురైదుగురు చుట్టూ మూగి ఆమె తల మీద చేతులు పెట్టి గట్టిగా అదిమారు. ఆ చేతుల సందులోంచి ఆమె కొడుకు కోసం చూసింది. వాడు కళ్లు మూసుకొని నిలబడ్డాడు.

బస్టాండులో కూర్చున్నప్పుడు ఒక ఆడమనిషి పరుగులాంటి నడకతో వచ్చింది. "అమ్మా, నిజంగ మింగినవా? మా ఆయన నెల నుంచి షుగరు సూది బంద్ చేసిండు" అంది. "నిజం బిడ్డా. గిప్పుడే పో" అంది లింగవ్వ. ఆ మనిషి వెనక్కి తిరిగి ఉరికింది. ఆమె పేరు అడగలేదని బస్సు ఎక్కాక గుర్తొచ్చింది.

కొమురెల్లి మళ్లీ ఖానాపూర్ రాలేదు. హైదరాబాదు వైపు ఎక్కడో ఉన్నాడంటారు. సభలు ఆగలేదు. ఒకటి రెండు ఊళ్లవాళ్లు పిలవడం మానేశారు, కొత్త ఊళ్లవాళ్లు పిలిచారు. షెడ్డులో కొందరు లింగవ్వ పక్కన చాప వేసుకోరు. కన్నకొడుకును బజారులో పెట్టిన తల్లి అంటారు. ఆమె ఏ ఆదివారమూ మానలేదు. క్షమించడం తనకు కష్టం కాలేదని, వాడు అడగకపోవడమే కష్టమని ఒకసారి మంజులతో అంది.

ఎండలు మొదలయ్యే రోజుల్లో మంజుల ఒక కబురు తెచ్చింది. సత్తమ్మకూ జబ్బు అంటుకుంది. చాలా నెలల మందులు రాశారు, ఆమె ముట్టడం లేదు. లింగవ్వ మరునాడే, ఆడవాళ్లకిచ్చే ఉచిత బస్సు టికెట్టు కోసం ఆధార్ కార్డు పట్టుకొని భైంసా బయలుదేరింది. సత్తమ్మ తలుపు సగం తీసి, "నిన్ను చూస్తే నా బిడ్డ యాదికొస్తది. రాకు" అంది. ఆమె అరుగు మీద సాయంత్రం దాకా కూర్చొని వచ్చేసింది. మూడు రోజులకు మళ్లీ వెళ్లింది. ఆ తర్వాత ఒకసారి, మరొకసారి. సత్తమ్మ తిట్టింది. తర్వాత తిట్టడం మాని ఏడ్చింది.

అయిదోసారి తలుపు తెరిచే ఉంది. లింగవ్వ లోపలికి పోయి, చెంబుతో నీళ్లు ముంచి, గోలీల అట్ట చింపి ఆమె ముందు పెట్టింది.

"నీ కోసం మింగుతలేను" అంది సత్తమ్మ.

"నా కోసం వద్దు" అంది లింగవ్వ.

సత్తమ్మ ఒక్కొక్కటే మింగింది. ఇద్దరూ ఎదురెదురుగా గోడలకు ఆనుకొని కూర్చున్నారు. బయట పత్తి లారీలు పోతున్న చప్పుడు. ఆఖరి బస్సు వేళ దాకా అలాగే ఉండిపోయారు.