మొదటి మూడు వందల కిలోమీటర్లు

మా అక్క తన మొగుడితో మాట్లాడి రెండేళ్ళయింది. ఒకే ఇంట్లో ఉంటారు. వేళకు కంచం పెడుతుంది, బట్టలు ఉతికి మడత పెడుతుంది, ఒంట్లో బాగాలేకపోతే మాత్ర తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళిపోతుంది. మాట మాత్రం లేదు. ఆయన తప్పు సగమైనా తగ్గించగల సంగతి ఒకటుంది. అది నాకు తెలుసు. తెలిసి రెండేళ్ళు నోరు మూసుకుని కూర్చున్నాను. నేనెలాంటి మనిషినో ముందే చెప్పేస్తే మంచిదని చెబుతున్నాను.

మా బావ ముప్పై ఒక్క ఏళ్ళుగా టైర్లు బిగిస్తున్నాడు. పద్దెనిమిదేళ్ళుగా నేనూ అదే షెడ్డులో ఉన్నాను. ఆయన రిమ్ముకి టైరు ఎక్కిస్తే, నేను ఆ చక్రాన్ని బ్యాలెన్సింగ్ మెషీను మీద తిప్పి, బరువు తక్కువైన చోట చిన్న సీసం ముక్క అంటిస్తాను. ఆయన చేతిలోంచి వచ్చిన ప్రతి చక్రమూ నా చేతిలోకి వస్తుంది. ఆయన నోట్లోంచి వచ్చిన ప్రతి మాటా నా చెవిలో పడుతుంది. ఆ రెండోది నా ఖర్మ అనుకునేవాణ్ణి.

ఎందుకంటే ఆయనకో చాదస్తం. కొత్త టైర్లు వేయించుకున్న ఏ మనిషినీ ఆ మాట చెప్పకుండా షెడ్డు దాటనివ్వడు. కారు కిటికీ మీద చెయ్యి వేసి, లోపలికి వంగి, ప్రతిసారీ అవే ముక్కలు. "మొదటి మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. అచ్చులోంచి ఊడి రావడానికి పూసిన జిడ్డు ఇంకా రబ్బరు మీదే ఉంటుంది. అది అరిగేదాకా టైరు రోడ్డును పట్టదు. వానైతే మరీ జాగ్రత్త." టాక్సీవాడికీ ఇదే, జడ్జిగారికీ ఇదే. ఒకసారి పంక్చరు వేయించుకోవడానికి వచ్చిన ముసలాయనకు కూడా అలవాటులో చెప్పేస్తే, ఆయన పాపం తన టైర్లు ఎప్పుడు మార్చారా అని దిగి చుట్టూ తిరిగి చూసుకున్నాడు. చుట్టుపక్కల వాళ్ళందరూ మా బావను నెమ్మది మేస్త్రి అనేవారు. అసలు పేరుతో పిలిస్తే ఆయనే పలికేవాడు కాదేమో.

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. ఖరీదైన కార్లవాళ్ళు, స్పోర్ట్స్ కార్లవాళ్ళు ఊరి అవతలి నుంచి కూడా ఆయన కోసం వచ్చేవారు. వచ్చినవాడు అడిగిన టైరు ఇచ్చి పంపే రకం కాదు. కూర్చోబెట్టి ఆరా తీస్తాడు. రోజూ ఏ దారిలో వెళ్తావు, వానలో తీస్తావా, పక్క సీటులో ఎవరు కూర్చుంటారు అని. ఆ తర్వాత పాత టైరు అరుగుదల మీద బొటనవేలు నడిపి, నువ్వు మలుపుల్లో ఆలస్యంగా బ్రేకు కొడతావు అని వాడి గుట్టు వాడికే చెబుతాడు. టైరు పక్కగోడ మీద ఉండే నాలుగంకెలు చూసి ఆ రబ్బరు ఏ ఏడు ఏ వారంలో తయారైందో చెబుతాడు. నిలవ ఉండి గట్టిపడ్డ టైరుని, ఎంత కొత్తగా మెరుస్తున్నా సరే, ముట్టుకోడు. షెడ్డు ఓనరుకి ఈ విషయంలో ఆయనంటే ఒళ్ళుమంట.

అక్కాబావలకు ఒక్కతే కూతురు. సన్నగా ఉండేదని ఇంట్లో పిట్ట అనేవాళ్ళం. స్కూలు అయ్యాక నేరుగా షెడ్డుకే వచ్చేది. టైర్ల దొంతర మీద కూర్చుని లెక్కలు చేసుకుంటూ, వాళ్ళ నాన్న కిటికీలో తల పెట్టగానే ఇటు నా వైపు తిరిగి, చూపుడువేలు ఊపుతూ, గొంతు బొంగురు చేసి, "మొదటి మూడు వందల కిలోమీటర్లు" అనేది. నేను పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి. ఆయనకు వినిపించేది కూడా. వినిపించనట్టు నటించేవాడు.

పెద్దదై ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే ఉద్యోగంలో చేరింది. నాలుగేళ్ళు చీటికీమాటికీ ఖర్చు చేయకుండా దాచి, ఒకరోజు పాత స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చింది. రెండే సీట్లు, నేలకు ఆనుకుని ఉంటుంది, ఇంజిను లాగేదంతా వెనక చక్రాల మీదే. మా అక్క చూసి, "ఇందులో కూర్చోవాలంటే పడుకోవాలా, దేవుడా" అంది. మా బావ కారు చుట్టూ మూడుసార్లు తిరిగి, మోకాళ్ళ మీద కూర్చుని, వెనక టైరు గాళ్ళలో వేలు పెట్టి చూశాడు. లేచి, "ఇవి అయిపోయాయి. నేను చెప్పేదాకా దీన్ని రోడ్డెక్కించకు" అన్నాడు.

తొమ్మిది రోజులు పట్టింది ఆయనకు టైర్లు ఎంచడానికి. తొమ్మిది రోజులూ నా బుర్ర తిన్నాడు. ఆ సైజులో రెండు రకాలు దొరుకుతున్నాయి. ఒకటి పొడి రోడ్డు మీద అతుక్కుపోతుంది. కారు పందేలవాళ్ళు వాడే రకానికి దగ్గరగా, గాళ్ళు తక్కువగా, చూడ్డానికి కూడా దిట్టంగా ఉంటుంది. పిట్ట మనసు దాని మీదే. రెండోది అంత సోకుగా ఉండదు కానీ నీళ్ళను బయటికి తోసేస్తుంది, చలికి బిగుసుకోదు.

"నాన్నా, స్పోర్ట్స్ కారుకి స్కూలు బస్సు టైర్లు వేస్తానంటావేంటి?" అని పిట్ట గొడవ.

"నువ్వు ఆసుపత్రికి వెళ్తున్నావు, పందెంలోకి కాదు. మన దగ్గర వాన ఎన్ని నెలలు పడుతుందో లెక్కపెట్టు" అన్నాడాయన.

చివరికి ఆయన మాటే నెగ్గింది. నాలుగూ ఒకే రకం, నాలుగూ మూడు నెలల్లోపు తయారైనవి తెప్పించాడు. వచ్చినవాటిలో ఒకదాని పక్కగోడ మీద గీత ఉందని వెనక్కి పంపి ఇంకోటి తెప్పించాడు. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఎంపికలో వెంట్రుకవాసి పొరపాటు కూడా లేదు. అది మీకు తెలియాలి.

బిగించిన రోజు మధ్యాహ్నం పిట్టకు డ్యూటీ ఉంది. ఆయనే నాలుగు చక్రాలకూ నట్లు బిగించాడు, గాలి చూశాడు, మళ్ళీ చూశాడు. రసీదు మీద మీటరు అంకె రాశాడు. పిల్ల బ్యాగు పక్క సీటులో పడేసి లోపల కూర్చుంది. బయట మబ్బు పట్టి ఉంది, ఇంకా చినుకు లేదు. ఆయన వచ్చి కిటికీ మీద చెయ్యి వేశాడు. వంగాడు. నోరు తెరిచాడు.

నేను మెషీను దగ్గర నుంచి అరిచాను. "చాల్లే బావా. అది ఉయ్యాల్లో ఉన్నప్పట్నుంచీ వింటోంది. నీకన్నా దానికే బాగా వచ్చు. పోనీ పిల్లని, టైమవుతోంది."

పిట్ట పకపకా నవ్వింది. చూపుడువేలు ఊపింది. ఆయనా నవ్వాడు, కాస్త సిగ్గుపడ్డట్టు. చెయ్యి తీసేసి, కారు పైకప్పు మీద రెండుసార్లు తట్టి, "వెళ్ళిరా" అన్నాడు. అంతే.

పదకొండు కిలోమీటర్లు వెళ్ళింది. రసీదు మీది అంకెకీ, కారులో ఆగిపోయిన అంకెకీ తేడా అది. వంతెన దిగే మలుపు దగ్గర, అప్పుడే చినుకు మొదలైంది. వేగం కూడా ఎక్కువ లేదని వెనకాల వచ్చిన లారీ డ్రైవరు చెప్పాడు. వెనక చక్రాలు జారి కారు అడ్డం తిరిగి గోడకు కొట్టుకుంది, పిల్ల కూర్చున్న వైపే. తను పనిచేసే ఆసుపత్రికే తీసుకెళ్ళారు. ఎక్స్‌రే తీసే అవసరం రాలేదు.

బండ్ల తనిఖీ ఆఫీసరు వచ్చి టైర్లు చూసి, సైజు సరి, గాలి సరి, లోపం లేదు అని రాసుకుని పోయాడు. మా అక్క మాత్రం వదల్లేదు. ఇన్నేళ్ళు టైరువాడి పెళ్ళాంగా బతికిన మనిషి. కర్మకాండలన్నీ ముగిసి, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక, నా ఎదుటే ఆయన్ని అడిగింది.

"దానికి చెప్పారా?"

ఆయన తల దించుకున్నాడు. "లేదు. మర్చిపోయాను."

"ఊళ్ళో అందరికీ చెప్పారు" అంది అక్క. ఆ తర్వాత ఆయనతో మళ్ళీ మాట్లాడలేదు.

నేను గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాను. మర్చిపోలేదక్కా, నేనే ఆపాను అనడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి.  రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపుకి రెండేళ్ళు పట్టింది. ఈలోగా ప్రతి ఆదివారం అక్క ఇంటికెళ్ళి, ఆవిడ చేతి భోజనం తిని, ఆవిడ ఆయన్ని తిట్టుకుంటుంటే తల ఊపి వచ్చేవాణ్ణి. సిగ్గులేని జన్మ అంటే ఇదే. షెడ్డులో ఆయన పని మానలేదు కానీ, కిటికీల దగ్గరికి వెళ్ళడం మానేశాడు. ఆ ముక్కలు ఇప్పుడు ఒక కాగితం మీద అచ్చువేసి ఓనరు ఇస్తున్నాడు. ఎవడూ చదవడు.

పోయిన నెలలో ఒకరోజు, షెడ్డులో బేరాలు లేని పూట, ఆయన ఒక పాత టైరుని రిమ్ము నుంచి విప్పుతుంటే పక్కన కూర్చుని చెప్పేశాను. "బావా, ఆ రోజు నువ్వు చెప్పబోయావు. నేనే నోరు మూయించాను."

"తెలుసు. నాకేం చెవుడా" అన్నాడు చెయ్యి ఆపకుండా.

"మరి అక్కకి మర్చిపోయానని ఎందుకు చెప్పావు?"

ఆయన విప్పిన టైరుని పక్కకు దొర్లించి, చేతులు తుడుచుకుని, అప్పుడన్నాడు. "దానికి పుట్టింటి వైపు నువ్వు తప్ప ఎవరున్నార్రా? కూతురు పోయింది. నన్ను చూస్తే ఎలాగూ మండుతుంది. నువ్వు కూడా లేకపోతే ఆదివారం దాని గుమ్మం తొక్కేవాడెవడు? నువ్వు చెప్పకు. చెప్పినా ఒరిగేది లేదు."

ఆ మాట వినుంటే బాగుండేది. వినలేదు. ఇంత మంచివాణ్ణి ఇలా వదిలేస్తే నాకు పుట్టగతులుండవనిపించింది. నా గుండె మీది బరువు దించుకోవాలన్న ఆత్రమే ఎక్కువేమో, ఇప్పుడు ఆలోచిస్తే.

ఆ ఆదివారం బావ బయటికి వెళ్ళిన సమయం చూసి అక్కతో చెప్పాను. ఉన్నదున్నట్టు. ఆయన వంగడం, నోరు తెరవడం, నేను అరవడం, పిట్ట నవ్వడం, వేలు ఊపడం, అన్నీ. "ఆయన మర్చిపోలేదక్కా. తప్పు నాది. నన్ను తిట్టు, కొట్టు. ఆయనతో మాట్లాడు" అన్నాను. ఏడ్చాను కూడా.

అక్క వడ్డించే గరిటె పట్టుకుని అలాగే నిలబడి విన్నది. నేను చెప్పడం అంతా అయ్యాక, ఒక్కటే అడిగింది.

"నువ్వు వద్దన్నావు. ఆయన ఊరుకున్నాడు?"

నేను తల ఊపాను.

"నేనింతకాలం మర్చిపోయాడనుకున్నాను" అంది అక్క. "మతిమరుపు ఎవరికైనా ఉంటుంది. ఇవాళో రేపో నా మనసు కరుగుతుందేమోనని చూసుకుంటున్నాను. గుర్తుండే మానేశాడన్నమాట. నీ జోకుకి సిగ్గుపడి."

గరిటె గిన్నెలో పెట్టింది. నా ముందున్న కంచం తీయలేదు, ఇంకేమీ వడ్డించలేదు. లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

బావ వచ్చేసరికి నేను ఆ బల్ల దగ్గరే ఉన్నాను. మూసిన తలుపు చూశాడు, నా మొహం చూశాడు.  చేతులు కడుక్కుని వచ్చి, నా కంచంలో చల్లారిన కూర తనే వేసి, "తిను" అన్నాడు.