ఆరు బర్రెలు, గ్లాసెడు పాలు

సర్కారును కదిలించాలని బయలుదేరినోళ్లు కొందరు జైలుకు పోయిండ్రు, కొందరు పేపర్లకెక్కిండ్రు, నసీబు బాగున్నోళ్లు మంత్రులు సుత అయిండ్రు. నేను మాత్రం ఒక పెద్దసాబ్ తెల్ల పంట్లాం ఖరాబు చేసిన. అంత గనం రాజకీయం నాది! ఆ ముచ్చట ఇప్పుడు చెప్త. నవ్వుకోండ్రి, నేనేం అనుకోను. అప్పుడు బస్తీ అంతా నవ్వింది, మీరొక్కరు ఆగితే ఏమొస్తది?

పోలీస్ యాక్షన్ అయి ఎక్కువ కాలం కాలే. నిజాం సర్కారు పోయింది, కొత్త అధికార్లు దిగిండ్రు. సికింద్రాబాదుల, బోయిగూడల మా చిన్న బడి ఉంటుండె. దాండ్ల అప్పటిదాకా ఉర్దూల నడిచిన చదువు తెలుగుకు మారింది. నన్ను తెలుగు పంతులమ్మగ తీసుకున్నరు. పేరేమో ఖైరున్నీసా, చెప్పేదేమో అఆలు. కొత్తగ చూసినోళ్లు తప్పు తరగతిలకు వచ్చినమా అని ఒకసారి వెనక్కి పోయి చూసుకునేటోళ్లు. మా అబ్బా రాంగోపాల్‌పేటల దర్జీ. మా ఇంట్ల తాతల కాలం నుంచి కొట్లాటలు సుత తెలుగులనే.

నా తరగతిల పిల్లలు సగం మంది పొద్దుగాల నల్లచాయ తాగి వచ్చేటోళ్లు. కొందరికి అదీ లేదు. ఎక్కాలు మొదలుపెట్టంగనే తలలు వాలిపోయేటివి. యాదమ్మ అని ఒక పిల్ల ఉండె, మంచి చురుకు. ఒకరోజు ఏడో ఎక్కం చెప్పుకుంటనే దబ్బున పడిపోయింది. నీళ్లు చల్లి లేపితే, కండ్లు తెరిచి ఏమడిగిందో తెలుసునా? "టీచర్, ఏడెనిమిదుల దగ్గరనే కదా ఆగిన?"

ఆ మాట నా గుండెల గుచ్చుకుంది. బడిల పిల్లలకు పాలు పోయాలని సర్కారును అడిగి తీరాలె అనుకున్న.

అబ్బా సూదిల దారం ఎక్కించుకుంట అన్నడు: "బిడ్డా, సర్కారు కొత్తది. దాని మిజాజ్ ఎట్లుంటదో ఇంకా ఎవ్వనికి తెల్వది. మనం జెర గమ్మున ఉంటే మంచిది."

"గమ్మునుంటే పాలెవరు పోస్తరు అబ్బా?"

మర్నాడు ఆయన నాకొక కొత్త తెల్లరైక కుట్టి పెట్టిండు. అంటే పొమ్మన్నట్టే.

నేను, మా పెద్ద పంతులమ్మ సుందరమ్మగారు కలిసి కచేరికి పోయినం. అక్కడి అధికారి గుంటూరు దిక్కాయన. నా మాటలన్నీ శాంతంగ విని, "మీరు తెలుగు చక్కగా మాట్లాడుతున్నారే!" అని ఆశ్చర్యపోయిండు.

"మీరు సుత బాగనే మాట్లాడుతున్నరు సార్" అన్న. సుందరమ్మగారు బల్లకింద నా కాలు తొక్కింది.

ఆయన నవ్విండు. "అమ్మా, మీరు చెబితే నేను నమ్ముతాను. కానీ పైవాళ్లు నమ్మాలంటే నేను కళ్లారా చూసి రాయాలి. రేపు పొద్దున్నే వస్తాను. పిల్లలు ఎలా ఉన్నారో చూస్తాను."

ఇంకేంది, పాలు గ్లాసులల్ల పడ్డట్టే! సంబరం పట్టలేక ఆ సాయంత్రమే బస్తీకి పోయి తల్లులందర్ని నీళ్ల నల్లా దగ్గర జమ చేసిన. ఇగో, నా తెలివి తెల్లారింది ఇక్కడనే. "పిల్లలను ఉన్నది ఉన్నట్టు పంపుండ్రి" అంటే సరిపోతుండె. కానీ ఉపన్యాసం ఇచ్చే దురద ఒకటి ఏడ్చింది గద నాకు!

"అక్కల్లారా! రేపు పెద్దసాబ్ వస్తున్నడు. మన పిల్లలు ఎట్లున్నరో సర్కారు చూస్తది. బోయిగూడ ఇజ్జత్ మీ చేతులల్ల ఉంది!"

ఇజ్జత్! ఆ ఒక్క మాట చాలు. తల్లులు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. యాదమ్మ తల్లి మల్లమ్మ కొంగు నడుముకు చెక్కి, "నువ్వు పరేషాన్ కాకు పంతులమ్మా. మేం చూసుకుంటం" అన్నది. నేను ఖుషీగ ఇంటికి పోయి, అన్నం సుత తినకుండ ఉపన్యాసం బట్టీ పట్టుకుంట కూసున్న.

నేనొకటి తలిస్తే బోయిగూడ ఇంకొకటి తలిచింది. మర్నాడు బడి వాకిట్ల నాకు కండ్లు తిరిగినంత పనయింది. పిల్లల తలలు నూనెతోటి నిగనిగ మెరుస్తున్నయి. కండ్లకు కాటుక, జడలకు బంతిపూలు. రాజయ్య అనే పోరడు వాళ్ల మేనమామ పెండ్లి షేర్వాణీ తొడుక్కొచ్చిండు. అది భూమిని ఊడ్చుకుంట వస్తుంది. ఇంటికింత బియ్యం, ఇంత ఉప్పు, పప్పు జమచేసి, ఎవరి దగ్గరనో చేబదులు తెచ్చి, తల్లులందరు కలిసి పెద్ద డేగిసల బగారన్నం, మటన్ సాలన్ వండి, పిల్లలకు గొంతుదాకా తినిపిచ్చిండ్రు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననియ్యదంటరు గద? మా బస్తీల అమ్మ పెట్టింది, అందుకే అడగనియ్యలే!

నేను తేరుకునేలోపల జీపు రానే వచ్చింది. పెద్దసాబ్ కుర్చీల కూసొని, బల్లమీద సిరాబుడ్డి తెరిచి, కలం ముంచిండు. తల్లులు కిటికీకి అతుక్కున్నరు.

"ఏం బాబూ, పొద్దున ఏం తిన్నావు?"

"బగారన్నం, మటన్ సార్!" అన్నడు రాజయ్య, షేర్వాణీ చేతులు పైకి మడుచుకుంట.

"రోజూ ఇంతేనా?"

రాజయ్య కిటికీ దిక్కు చూసిండు. వాళ్లమ్మ తల గట్టిగ ఊపింది.

"రోజు ఇంతే సార్. నెయ్యి సుత."

ఇంక పోటీ షురూ. ఒకడు కోడిగుడ్లన్నడు, ఒకతి జిలేబీలన్నది. నా ఆశంతా యాదమ్మ మీదనే. మూర్ఛపోయిన పిల్ల, ఇదన్న నిజం చెప్పదా? యాదమ్మ లేచి నిలబడ్డది. "నాకు పాలంటే విసుగు సార్. మాకు ఇంట్ల ఆరు బర్రెలున్నయి. ఎన్నని తాగుతం?"

పెద్దసాబ్ కలం గీక్కుంట పోతున్నది. నేను రాజయ్య చెవిల, "నిజం చెప్పుర నాయనా!" అన్న. వాడు బడంతా వినేటట్టు, "నువ్వే గద టీచర్ ఇజ్జత్ పోవద్దన్నవ్!" అన్నడు.

ఇక మిగిలింది నా ఉపన్యాసమే. బల్ల పట్టుకొని నిలబడి గొంతెత్తిన.

"మహాశయా! క్షుద్బాధాపీడితులగు ఈ బాలబాలికలను ఒక్కమారు వీక్షింపుడు!"

ఆయన వీక్షించిండు. సరిగ్గ అప్పుడే ముందు వరసల నుంచి బ్రేవ్ మని ఒక తేన్పు వచ్చింది.

"ఆకలి! ఆకలి యనగా నేమి?" అని అరిచిన. దానికి జవాబు నోటితోటి చెప్పే పనే పడలే. ముందురోజు నుంచి నా కడుపుల మెతుకు లేదాయె. కాళ్ల కింద భూమి జరిగింది, బల్ల నాతోటే ఒరిగింది, సిరాబుడ్డి పెద్దసాబ్ ఒళ్లె పడ్డది, నేను ఆయన బూట్ల మీద పడ్డ.

చెవులు మాత్రం పనిచేస్తున్నయి. అందరి లొల్లి మీదికెల్లి యాదమ్మ గొంతు వినవడ్డది. "సార్, జెర పక్కకు జరుగుండ్రి. గాలి రానియ్యాలె. ఎవరన్న చక్కెర నీళ్లు తెండ్రి. ఏం భయం లేదు సార్, నాకు సుత గిట్లనే అయితది."

"నీకెందుకవుతుందమ్మా? ఆరు బర్రెలున్నాయిగా?"

యాదమ్మ తలొంచుకొని, "నిన్నటిదాక లేకుండె సార్" అన్నది.

మల్లమ్మ లోపలికి వచ్చి నా తల ఒళ్లె పెట్టుకున్నది. "సాబ్, పంతులమ్మ మీద కోపం చేయకుండ్రి. ఆమె చెప్పినయన్నీ నిజమే. కానీ కన్నబిడ్డను పస్తు పెట్టి నలుగురికి చూపిచ్చి, గిదో చూడుండ్రి అనాలంటే ఏ తల్లికి మనసొప్పుతది?"

పెద్దసాబ్ ముందు రాసిన కాగితం చింపేసి, పంట్లాం నీలంగ కారుతుండంగనే కొత్తది షురూ చేసిండు. మధ్యల తలెత్తి, "ఆ బగారన్నం ఇంకా ఏమైనా మిగిలిందామ్మా?" అని అడిగిండు. మిగిలింది. నాకు పెట్టిండ్రు, ఆయనకు సుత పెట్టిండ్రు. మర్నాడు అబ్బా ఆ పంట్లాం తెప్పిచ్చుకొని మొత్తం నీలిరంగు అద్దిచ్చి పంపిండు.

పాలపొడి డబ్బాలు వచ్చినయి, మా ఒక్క బడికే కాదు, తిరుమలగిరి దాకా చిన్న బడులన్నిటికి. ఎక్కాలప్పుడు తలలు వాలుడు బందయింది. సుందరమ్మగారు ఆర్డరు కాగితం పిల్లల ముందర చదివింది. ఆఖరుకు పెద్దసాబ్ సొంత చేతితోటి ఒక ముక్క చేర్చిండు: "పంతులమ్మకు కూడా రోజూ ఒక గ్లాసు. పిల్లల ఎదుటనే తాగించవలెను."

మీకు మాత్రమే చెప్తున్న, పాలవాసన నాకు పుట్టినప్పటి నుంచి పడదు. పాలపొడి అయితే ఇంకా ఘోరం. ముక్కు మూసుకొని తాగుతుంటే యాదమ్మ గ్లాసులకు వంగి చూసి, "టీచర్, అడుగున ఇంకా ఉన్నయి" అనేది. యాదమ్మ చదువై బడి వదిలేదాకా నాకు ఆ శిక్ష తప్పలే.

కాబట్టి, బోయిగూడ నల్లా మీద ఒట్టేసి చెప్తున్న: ఇకమీదట సర్కారు ముందర ఆకలి గురించి మాట్లాడాలంటే, ముందు కడుపునిండ తిని, సిరాబుడ్డికి మూత పెట్టించి, అప్పుడే నోరు తెరుస్త. అడిగేది కూడా పాలు మాత్రం కాదు, లడ్డూలు!