స్టెల్లా లెక్కపెట్టిన వారం

ఉద్యోగ విరమణకు మూడేళ్ళ ముందు, ఒక జూన్ నెలలో, నన్ను మోకాలి మార్పిడి వార్డుకు సీనియర్ ఫిజియోథెరపిస్టుగా వేశారు. విజయవాడలోని ఒక ప్రైవేటు ఎముకల ఆసుపత్రి అది. అంతకుముందు చాలా ఏళ్ళు అక్కడే ఓపీలో పనిచేశాను. భుజం పట్టేసినవారు, నడుము నొప్పివారు, ఆటోనగర్‌లో బరువులెత్తి మెడ పట్టేసిన మెకానిక్కులు నా గదికి నడిచి వచ్చేవారు. కొత్త వార్డులో నేనే మంచం దగ్గరికి వెళ్ళాలి, మనిషిని లేపి నిలబెట్టాలి.

మోకాలి మార్పిడిలో సర్జన్ గారి పని గంటన్నర, రెండు గంటల్లో అయిపోతుంది. మా పని మర్నాడు పొద్దున మొదలవుతుంది. ఆపరేషన్ రోజును మేము సున్నా రోజు అంటాం. ఒకటో రోజున రోగిని మంచం అంచున కూర్చోబెట్టి, వాకర్ ఇచ్చి, నిలబెట్టి నాలుగడుగులు వేయిస్తాం. ఆ రోజునుంచే కొత్త మోకాలిని వంచడం, చాచడం నేర్పుతాం. ఇంటికి పంపేనాటికి తొంభై డిగ్రీలు, అంటే కుర్చీలో కూర్చున్నప్పుడు వంగినంత, వంగితే మాకు తృప్తి. మొదటి వారాల్లో వంచకుండా వదిలేస్తే లోపల అతుకులు పడి కాలు బిగుసుకుపోతుంది. అందుకే రోగులకు మేమంటే సర్జన్ కంటే ఎక్కువ భయం. చాలామంది మా అడుగుల చప్పుడు వినగానే కళ్ళు మూసుకుని నిద్ర నటిస్తారు.

లూర్దమ్మగారు నటించలేదు. గుణదలలో ఉంటారు, అరవై నాలుగేళ్ళు, ప్రాథమిక పాఠశాలలో టీచరుగా చేసి రిటైరయ్యారు. సోమవారం కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. మంగళవారం ఉదయం నేను వెళ్ళేసరికే తల దువ్వుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. మొదట నొప్పి ఎంతుందో అడగడం మా పద్ధతి. సున్నా అంటే అసలు లేదని, పది అంటే భరించలేనంత అని చెప్పి, ఒక అంకె చెప్పమంటాం. ఆవిడ రెండు అన్నారు. వాకర్ పట్టుకుని నిలబడి, తలుపుదాకా నడిచి, ఇంకా నడుస్తానన్నారు. నేనే ఆపాను.

నాకు ముచ్చటేసింది. పక్క మంచంలో మూలుగుతున్న పెద్దాయనతో, టీచరుగారిని చూసి నేర్చుకోండి అని కూడా అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఆపరేషన్‌కు ముందు కాలికి మత్తు ఇచ్చి నరాన్ని మొద్దుబారుస్తారు. దాని ప్రభావం ఒకటో రోజు సాయంత్రానికల్లా తగ్గిపోతుంది. అసలు నొప్పి తెలిసేది రెండో రోజునే. ఎంత గట్టి మనిషైనా ఆ రోజు ఆరో ఏడో చెబుతారు. బుధవారం పొద్దున లూర్దమ్మగారు మళ్ళీ రెండే అన్నారు. చార్టు చూస్తే నాడి వేగంగా ఉంది. మడమ కింద చుట్టపెట్టిన టవల్ పెట్టి మోకాలిని కిందికి నొక్కమన్నప్పుడు ఆవిడ చేతిలో దుప్పటి మెలికలు తిరిగిపోయింది. నొప్పి ఇంజెక్షన్ వద్దన్నారని సిస్టర్ చెప్పింది. ఎప్పుడు పంపిస్తారని ఆ పొద్దున్నే నన్ను మూడుసార్లు అడిగారు. అన్నీ చూశాను, విన్నాను. కాని ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఆలోచించలేదు. మంచి పేషెంటు దొరికారన్న సంతోషంలో ఉన్నాను.

ఆ మధ్యాహ్నం భోజనాల వేళ, తోడుగా ఉన్న ఆయా గిన్నెలు కడగడానికి వెళ్ళినప్పుడు, లూర్దమ్మగారు ఒక్కరే లేచారు. వాకర్ కూడా తీసుకోలేదు. గోడ పట్టుకుని గది దాటి వరండాలోకి వచ్చారు. నేను అటువైపునుంచి వస్తున్నాను. ఆవిడ నన్ను చూసి గోడమీద చెయ్యి తీసేశారు, బాగానే నడుస్తున్నానని చూపించడానికి. రెండో అడుగులో కుడి మోకాలు మడతపడిపోయింది. ఆపరేషన్ అయిన కాలికి తొడ కండరం అప్పటికింకా బలం పుంజుకుని ఉండదు. అందుకే వాకర్ లేనిదే లేవొద్దంటాం. పరుగెత్తి నడుం చుట్టూ పట్టుకున్నానే గాని, నిలబెట్టే బలం నాకు లేదు. ఇద్దరం నెమ్మదిగా నేలమీదికి జారాం. ఆవిడ కాలు నా ఒడిలో పడింది. కట్టుమీద ఎర్రటి మరక పాకుతోంది.

ఎక్స్‌రే తీయించారు. అదృష్టం, కీలు కదల్లేదు, కుట్లూ ఊడలేదు. సర్జన్ గారు ఆవిడని ఏమీ అనలేదు. నన్ను బయటికి పిలిచి, రెండో రోజు పేషెంటు రెండు అంటుంటే నమ్మి ఊరుకున్నారా అని అడిగారు. అంత అనుభవం ఉన్నదాన్ని, నమ్మే ఊరుకున్నాను.

కట్టు మార్చాక మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కేకలేస్తాననుకున్నారేమో, ఆవిడ గోడవైపు చూస్తున్నారు. ఎక్కడికి బయల్దేరారని అడిగాను.

"ఇంటికండీ," అన్నారు. "మా అమ్మాయి అన్నం తినట్లేదు."

అప్పుడు చెప్పారు. కూతురు స్టెల్లాకి ముప్ఫై ఆరేళ్ళు. మనిషి పెరిగింది గాని బుద్ధి ఐదారేళ్ళ పిల్లది. తండ్రి పోయి చాలా కాలమైంది. అన్నం తల్లి చేత్తో పెడితేనే తింటుంది, ఇంకెవరు పెట్టినా మూతి బిగించేస్తుంది. ఆ కారణంగానే మోకాళ్ళు అరిగిపోయినా తొమ్మిదేళ్ళు ఆపరేషన్ వాయిదా వేశారు. చివరికి, బాత్రూములో స్టెల్లాకి నీళ్ళు పోయడానికి వంగి లేవలేకపోయిన రోజున ఒప్పుకున్నారు. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్టున్న తమ్ముడు ఇన్నయ్య కొట్టు మూసి మేనకోడల్ని చూసుకుంటున్నాడు. రోజూ వచ్చి, బాగా తింటోంది అక్కా అని చెప్పి వెళుతున్నాడు.

"వాడికి అబద్ధం చెప్పడం రాదండీ, చెవులు ఎర్రబడతాయి. నిన్న ఫోన్‌లో పిలిస్తే అది పలకలేదు. నొప్పంటే ఇంకో రెండ్రోజులు ఉంచుతారని..." అని ఆగిపోయారు.

వరండాలోకి వచ్చి ఇన్నయ్యకి ఫోన్ చేశాను. కొంచెంసేపు నీళ్ళు నమిలి, నిజం చెప్పాడు. రెండు రోజులుగా పాలు, బిస్కెట్లు, అవీ సగంసగం. గేటు పట్టుకుని నిలబడుతోంది, లోపలికి రమ్మంటే రావడం లేదు.

స్టెల్లా ఒంటరిగా రాలేదు, ఆపరేషన్ వార్డులోకేమో రోగికి ఒక్క తోడుని మించి రానివ్వరు. కొత్త కీలుకి ఇన్‌ఫెక్షన్ వస్తే మొత్తం తీసేయాల్సి రావచ్చు కనుక ఆ నియమం సరైనదే. దాన్ని సడలించమని నేను సర్జన్ గారిని అడగలేదు. ఫిజియోథెరపీ గది కింది అంతస్తులో ఉంది. అక్కడికి పేషెంట్లను వీల్‌చైర్‌లో దించడానికి నాకు అధికారం ఉంది. పొద్దున తొమ్మిదికి ముందు ఆ గది ఖాళీ. రోజూ అరగంట ఆ అమ్మాయిని అక్కడికి రప్పిస్తానని చెప్పాను. ఆయన సరేనని, కట్టు ముట్టుకోకుండా చూసే బాధ్యత మీది అన్నారు.

గురువారం ఉదయం ఇన్నయ్య ఆటోలో స్టెల్లాని తీసుకొచ్చాడు. ఎత్తైన మనిషి, రెండు జడలు, ఇస్త్రీ చేసిన చుడీదార్. తల్లి కాలికి లావుపాటి కట్టు, ముందు వాకర్ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. మామయ్య చొక్కా వెనకనుంచి గట్టిగా పట్టుకుంది. లూర్దమ్మగారు వీల్‌చైర్‌లోంచి చేతులు చాచి పిలిచారు. ఆ అమ్మాయి కదల్లేదు. ఆవిడ నావైపు చూశారు.

మీరే వెళ్ళాలన్నాను. ఈసారి పద్ధతి ప్రకారం వెళ్ళాలనీ చెప్పాను: ముందు వాకర్, తర్వాత ఆపరేషన్ కాలు, తర్వాత మంచి కాలు. నడుముకు బెల్టు కట్టి వెనక పట్టుకున్నాను. గదిలో ఆ చివరనుంచి గుమ్మందాకా పదిహేను అడుగులుంటాయి. ముందు రోజు గోడ పట్టుకుని పరుగులు తీసిన మనిషి ఆ పదిహేను అడుగులు ఒక్కొక్కటీ నిదానంగా వేశారు. పడితే ఆ పిల్ల చూస్తుందని ఆవిడకి తెలుసు.

దగ్గరికొచ్చాక స్టెల్లా కట్టువైపు చూసి, "కాలెవరు కొట్టారమ్మా?" అంది.

"ఎవరూ కొట్టలేదు తల్లీ. పాతది పాడైపోతే డాక్టరుగారు కొత్తది వేశారు."

"బేరింగు మార్చారే," అన్నాడు ఇన్నయ్య. కొట్టులో రోజూ వినే మాట కనుక అది స్టెల్లాకి అర్థమైంది. చొక్కా వదిలింది.

కుర్చీలో కూర్చుని, క్యారేజీలోని పప్పన్నం కలిపి లూర్దమ్మగారు ముద్దలు పెట్టారు. ఆ పిల్ల నమలకుండా మింగేస్తోంటే నిదానం నిదానం అంటూ వీపు నిమిరారు. గిన్నె ఖాళీ అయ్యాక చెయ్యి కడిగించి, అలవాటు ప్రకారం నొప్పి ఎంతుందని అడిగాను.

"ఎనిమిదండీ," అన్నారు. మొదటిసారి కళ్ళవెంట నీళ్ళు వచ్చాయి. "పొద్దున తొమ్మిది ఉండింది. నిన్న రాత్రైతే పదికి పదే."

పైనుంచి సిస్టర్ని పిలిపించి, అప్పటిదాకా వద్దంటూ వచ్చిన ఇంజెక్షన్ ఇప్పించాను. అది పనిచేశాక కూర్చోబెట్టి మోకాలు వంచడం మొదలుపెట్టాం. ఒక విడతకి పదిసార్లు వంచాలి. స్టెల్లా పక్కన నేలమీద కూర్చుని, తనే లెక్కపెడతానంది. ఒకటి నుంచి ఏడు దాకా సవ్యంగా చెప్పి, మళ్ళీ నాలుగుకి వచ్చేది. అక్కణ్ణించి ఎలాగో పదికి చేరేది. అలా పది కాస్తా పద్నాలుగయ్యేది. చాలని నేను సైగ చేస్తే, పిల్ల పది అన్నాకే ఆపుతానని లూర్దమ్మగారు పళ్ళబిగువున వంచారు. ఆ రోజు డెబ్భై డిగ్రీలు వచ్చింది.

శనివారం కట్టు మార్చడం ఆలస్యమైంది. నేను వీల్‌చైర్ తోసుకుంటూ కిందికి వచ్చేసరికి తొమ్మిది కావస్తోంది. గది తలుపు తెరిచే ఉంది. స్టెల్లాకి ఆకలి ఆగలేదులా ఉంది. ఇన్నయ్య ఎదురుగా స్టూలుమీద కూర్చుని ముద్ద పట్టుకుని ఉన్నాడు. ఆ పిల్ల అతని చేతిని చూస్తూ, ఒకటి అని, నోరు తెరిచింది. రెండు అంది, మళ్ళీ తెరిచింది.

నేను వీల్‌చైర్ లోపలికి తోయబోయాను. లూర్దమ్మగారు చక్రంమీద చెయ్యి వేశారు.

"కాసేపు ఇక్కడే ఆపండి మేడం. నన్ను చూస్తే ఆపేస్తుంది."

గుమ్మం ఇవతలే ఉన్నాం. ముద్ద ముద్దకీ ఆవిడ పెదవులు కదులుతున్నాయి. గిన్నె అడుగుకి వచ్చాక, నావైపు తిరక్కుండానే మెల్లగా అన్నారు: "మోకాళ్ళ గురించి కాదండీ ఇన్నేళ్ళు ఆగింది. నాకేమైనా అయి నేను లేకుండా పోతే దీని నోట్లో ముద్ద ఎవరు పెడతారా అని."

సోమవారం ఆవిడ తొంభై డిగ్రీలు వంచారు. ఎక్కేటప్పుడు మంచి కాలు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు వేస్తూ ఆరు మెట్లు ఎక్కి దిగారు. ఆ సాయంత్రమే ఇంటికి పంపించాం. మరుసటి ఏడు ఎడమ మోకాలికీ వచ్చారు. అప్పుడు ఇన్నయ్య ఇంట్లో స్టెల్లా మూడు పూటలా తింది. రెండో రోజు నొప్పి ఎంతని అడిగితే, తడుముకోకుండా ఏడు అన్నారు.

ఈ ఉదంతం నాకు నేర్పింది రెండు విషయాలు. రోగి చెప్పిన అంకె ఒక్కదాన్నే నమ్మకూడదు. నాడి, మొహం, చేతిలోని దుప్పటి కూడా చూసి రాసుకోవాలి. రెండోది, ఆపరేషన్‌కు ముందు మేము నింపే కాగితంలో ఇంట్లో మిమ్మల్ని చూసుకునేవారు ఎవరున్నారన్న ప్రశ్న ఒకటి ఉండేది. దాని కింద పెన్నుతో, మీరు చూసుకోవలసినవారు ఎవరున్నారు అని రాసి అడగడం మొదలుపెట్టాను. ఒకరు మంచాన పడ్డ అన్నగారి పేరు చెప్పారు. కంకిపాడునుంచి వచ్చినావిడ రెండు గేదెలున్నాయని, పాలు తనకి తప్ప ఇవ్వవని చెప్పింది. గేదెల సంగతీ రాసుకున్నాను. ఆపరేషన్ తేదీ వేసేది ఆ తర్వాతే.